టన్నెల్ అప్‌లో ఉంది, పింగ్ వెళుతోంది, అప్లికేషన్ మాత్రం ఆగిపోతోంది

లక్షణం

శాఖా కార్యాలయానికీ డేటా సెంటర్‌కూ మధ్య ఐపీసెక్ టన్నెల్ ఉంది, అంటే ఇంటర్నెట్ మీదుగా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్లే దారి. రెండు వైపుల ఫైర్‌వాల్స్‌లోనూ స్టేటస్ పచ్చగానే కనిపిస్తోంది. సర్వర్‌కు పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని చూసే చిన్న ప్యాకెట్) వెళుతోంది, వెబ్ పేజీలు వచ్చే పోర్ట్ 443కు కనెక్షన్ కూడా కలుస్తోంది. అయినా బ్రౌజర్‌లో పేజీ సగంలో నిలిచిపోతుంది. దూరం నుంచి సర్వర్‌కు కమాండ్లు ఇచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌లో చిన్న కమాండ్ ఇస్తే జవాబు వస్తుంది, పెద్ద లాగ్ ఫైలు తెరిస్తే స్క్రీన్ బిగుసుకుపోతుంది. షేర్డ్ ఫోల్డర్‌లో పేర్లు కనిపిస్తాయి, ఫైలు కాపీ కాదు.

చిన్నవి వెళుతున్నాయి, పెద్దవి ఆగుతున్నాయి. ఈ ఒక్క మాట ఫోనులో వినగానే సగం పని అయిపోయినట్టే. కానీ చాలామంది ఈ మాట అడగకుండానే టన్నెల్‌ను తీసేసి మళ్లీ కడతారు, ఇంటర్నెట్ సంస్థకు ఫిర్యాదు చేస్తారు, ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ మార్చేస్తారు. దయచేసి అవేవీ ఇప్పుడే ముట్టుకోవద్దు.

ముందు చేయాల్సింది

మామూలు పింగ్ మోసుకెళ్లేది విండోస్‌లో 32 బైట్లు, లినక్స్‌లో 56. దారిలో ఆటో వెళ్లింది కదా అని లారీ కూడా వెళుతుందని చెప్పలేం. ‘ముక్కలు చేయవద్దు’ అనే డీఎఫ్ బిట్ పెట్టి 1472 బైట్ల పింగ్ పంపండి. దానికి ఐసీఎంపీ (పింగ్‌నూ నెట్‌వర్క్ ఎర్రర్ కబుర్లనూ మోసే ప్రోటోకాల్) హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిస్తే సరిగ్గా 1500, అంటే ఈథర్‌నెట్ మోయగల పూర్తి ప్యాకెట్. విండోస్‌లో ఎఫ్, ఎల్ ఆప్షన్లు ఉన్నాయి. లినక్స్‌లో పెద్ద ఎం (-M) ఆప్షన్‌కు ‘డూ’ అని ఇచ్చి, ఎస్‌తో సైజు చెప్పాలి.

ఈ పరీక్షను శాఖ నుంచి మాత్రమే కాదు, సర్వర్ నుంచి శాఖ వైపు కూడా చేయండి. డౌన్‌లోడ్ అయ్యే డేటా వచ్చేది ఆ దిశలోనే. పదిమందిలో తొమ్మిదిమంది తమ ల్యాప్‌టాప్ నుంచి ఒక్కసారి చూసి వదిలేస్తారు.

జవాబును జాగ్రత్తగా చదవాలి. టన్నెల్ మీదుగా 1472 ఎలాగూ వెళ్లదు. ‘ముక్కలు చేయాలి, కానీ డీఎఫ్ బిట్ ఉంది’ అని దారిలోని పరికరం తిరిగి చెప్పిందంటే నెట్‌వర్క్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఏ కబురూ లేకుండా టైమవుట్ అయి, సైజు 1300కు తగ్గించగానే జవాబు వచ్చిందంటే దొంగ దొరికినట్టే.

నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వని కారణం

జీతాల సాఫ్ట్‌వేర్, నెలాఖరు, ఒక శాఖలో లాగిన్ పేజీ దాటి ఎవరూ ముందుకు వెళ్లలేకపోతున్నారు. స్విచ్ మార్చాం, కేబుల్ మార్చాం. పింగ్ వెళుతోంది కాబట్టి ఐసీఎంపీ తెరిచే ఉందని నేను నమ్మాను. తప్పంతా అక్కడే జరిగింది.

టన్నెల్‌లోకి వెళ్లే ప్రతి ప్యాకెట్‌కూ అదనపు బరువు ఉంటుంది. మా ఎన్‌క్రిప్షన్ ఏఈఎస్ సీబీసీ, డేటా మారలేదని సరిచూసేది షా-256. బయటి ఐపీ హెడర్ 20, ఐపీసెక్ పెట్టే ఈఎస్‌పీ హెడర్ 8, ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టే ఐవీ విలువ 16, చివర సరిచూసే విలువ 16. అన్నీ కలిపి 60. 1500లో మిగిలేది 1440, అందులో ఈఎస్‌పీ ట్రైలర్ 2 తీసేస్తే 1438. మధ్యలో ఐపీ అడ్రస్‌లు మార్చే నాట్ ఉంటే యూడీపీ హెడర్ 8 కూడా చేరుతుంది, అప్పుడు 16 బైట్ల బ్లాకుల లెక్క వల్ల 1422కు పడిపోతుంది.

సర్వర్‌కు ఇదంతా తెలియదు. తన కార్డు మీద 1500 ఉంది కాబట్టి డీఎఫ్ బిట్‌తో 1500 బైట్ల ప్యాకెట్ పంపుతుంది. టన్నెల్ కట్టిన ఫైర్‌వాల్ దాన్ని పట్టించలేక వదిలేసి, ‘ఇంతకంటే చిన్నది పంపు’ అని ఐసీఎంపీ టైప్ 3 కోడ్ 4 సందేశాన్ని సర్వర్‌కు తిప్పి పంపుతుంది. 1990లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1191 చెప్పిన పద్ధతి ఇదే. ఆ సందేశం చేరితే సర్వర్ సైజు తగ్గించుకుంటుంది, వాడేవారికి ఏమీ తెలియదు.

మా దగ్గర అది చేరలేదు. టన్నెల్ ఫైర్‌వాల్‌కూ సర్వర్లకూ మధ్య డేటా సెంటర్ లోపల ఇంకో ఫైర్‌వాల్ ఉంది. ఏదో ఆడిట్ తర్వాత అందులో ‘ఐసీఎంపీ మొత్తం ఆపు’ అనే రూల్ పెట్టారు. పర్యవేక్షణ కోసం పింగ్ వాడే ఎకో రిక్వెస్ట్, ఎకో రిప్లైలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. నడుస్తున్న సెషన్లకు సంబంధించిన ఐసీఎంపీ ఎర్రర్లను అనుమతించే రూల్ ఆ ఆపే రూల్ కింద ఉండటంతో అక్కడిదాకా ఏదీ వెళ్లడం లేదు. పైగా ఆ ఆపే రూల్‌కు లాగింగ్ లేదు. లాగ్ వెతికితే ఏమీ కనిపించదు, ఆ రూల్‌కు ఎన్ని ప్యాకెట్లు తగిలాయో చెప్పే హిట్ కౌంట్ మాత్రం మేం పేజీ తెరిచిన ప్రతిసారీ పెరుగుతూ ఉంది.

సర్వర్ మీద ప్యాకెట్ క్యాప్చర్ పెట్టాక విషయం కళ్లకు కట్టింది. కనెక్షన్ కలిపే హ్యాండ్‌షేక్ మూడు ప్యాకెట్లూ శుభ్రంగా ఉన్నాయి. ఆ తర్వాత 1460 బైట్ల సెగ్మెంట్ ఒకటి, మళ్లీ అదే సీక్వెన్స్ నంబరుతో ఇంకోసారి, మళ్లీ అదే. ప్రతిసారీ ముందుకంటే రెట్టింపు విరామం. అవతలి నుంచి ఏ ఉలుకూ పలుకూ లేదు.

నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఒకటుంది. 1990లలో స్మర్ఫ్, పింగ్ ఆఫ్ డెత్ దాడులు వాడుకున్నది ఎకో రిక్వెస్ట్‌నే. భద్రత పేరుతో దాన్ని వదిలి, నెట్‌వర్క్ నడవడానికి అవసరమైన ఎర్రర్ సందేశాన్ని ఆపేశారు.

పరిష్కారం

మొదట రూల్. సర్వర్ల వైపు వెళ్లే ఐసీఎంపీ టైప్ 3 కోడ్ 4ను ఆపే రూల్‌కు పైన అనుమతించండి. ఐపీవీ6 ఉంటే ఐసీఎంపీవీ6 టైప్ 2 (‘ప్యాకెట్ మరీ పెద్దది’) సందేశాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు. అక్కడ దారిలోని రౌటర్లు ప్యాకెట్లను ముక్కలు చేయవు, ఆ సందేశం తప్ప వేరే దిక్కు లేదు.

రెండోది, టన్నెల్ మీద టీసీపీ ఎంఎస్‌ఎస్‌ను (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా గరిష్ఠ పరిమితి) 1360కి కట్టేయండి. 1438లో హెడర్ల 40 పోతే 1398 మిగులుతుంది, 1422లో అయితే 1382. 1360 రెండింటికీ సరిపోతుంది. ఇది కనెక్షన్ మొదలయ్యేటప్పటి సిన్ ప్యాకెట్లను మాత్రమే మారుస్తుంది. అందుకే మార్చాక పాత సెషన్లు ఇంకా ఆగిపోతూనే ఉంటాయి. ‘పని చేయలేదు’ అని వెనక్కి తీసేయకుండా కొత్తగా కనెక్ట్ అయి చూడండి.

ఎంఎస్‌ఎస్ ఒక్కటి పెట్టి ఊరుకుంటే టీసీపీ కాని యూడీపీ ట్రాఫిక్ మిగిలిపోతుంది. శాఖలో వైఫైకి పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతోంది, సర్టిఫికెట్‌తో అవడం లేదంటే లాగిన్ సరిచూసే, యూడీపీ మీద నడిచే రేడియస్ ప్యాకెట్లు ముక్కలై దారిలో పోతున్నాయేమో చూడండి. మైక్రోసాఫ్ట్ రేడియస్ సర్వర్ ఎన్‌పీఎస్‌లో ఫ్రేమ్డ్-ఎంటీయూను (లాగిన్ ప్యాకెట్ సైజు పరిమితి) 1344కు తగ్గిస్తే సాధారణంగా తీరిపోతుంది.

ఫైర్‌వాల్‌లో డీఎఫ్ బిట్‌ను తుడిచేసే ఆప్షన్ కూడా ఉంటుంది. పని జరుగుతుంది కానీ ప్రతి పెద్ద ప్యాకెట్‌నూ ముక్కలు చేసి, అవతల అతికించే భారం పడుతుంది. ఆ రాత్రి గట్టెక్కడానికి వాడండి, మర్నాడు తీసేయండి.

మిగతా కారణాలు

కొత్త బ్రౌజర్‌లో ఆగి, పాతదానిలో తెరుచుకుంటోందా? క్వాంటమ్ కంప్యూటర్లను తట్టుకునే కొత్త కీ మార్పిడిలో ఎంఎల్-కెమ్ 768 కీ ఒక్కటే 1184 బైట్లు. క్రోమ్ 2024లో ఈ తరహా మార్పిడిని డిఫాల్ట్‌గా పెట్టినప్పటి నుంచి సురక్షిత కనెక్షన్ మొదలుపెట్టే మొదటి టీఎల్‌ఎస్ సందేశమే ఒక ప్యాకెట్‌లో పట్టడం లేదు. ముందు శాఖ నుంచి సర్వర్ వైపు పైన చెప్పిన పింగ్ పరీక్షే చేయండి. అది బాగుంటే రెండు ప్యాకెట్లలో వచ్చిన సందేశాన్ని చదవలేని పాత తనిఖీ పరికరాన్ని అనుమానించండి.

వెళ్లే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి అయితే సెషన్ అసలు నిలబడదు, ఫైర్‌వాల్ లాగ్‌లో ఆ సెషన్ వివరం (స్టేట్) తన దగ్గర లేదని స్పష్టంగా రాస్తుంది. ఫైబర్ కేబుల్ తగిలించే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ పాడైతే ఇంటర్‌ఫేస్ ఎర్రర్ కౌంటర్ చెప్తుంది. సర్టిఫికెట్ గడువు తీరితే బ్రౌజరే చెప్తుంది. వీటికి రెండు నిమిషాలకు మించి ఇవ్వకండి.

రూల్ పెట్టాక దాని కామెంట్ గడిని ఖాళీగా వదలవద్దు. మా దాంట్లో తేదీతో పాటు ఇలా రాసి ఉంది: ‘ప్యాకెట్ సైజు తగ్గించమని సర్వర్‌కు చెప్పే సందేశం. తీసేస్తే టన్నెల్ శాఖలన్నీ ఆగిపోతాయి.’ ఆ తర్వాత రెండుసార్లు ఆడిట్ వచ్చింది, రూల్ అక్కడే ఉంది.