ఐర్లాండ్ పాత భూస్వామి కుటుంబాల వంశవృక్షం తీయడం ఎలా? భూమి పట్టుకుని వెళ్ళే పద్ధతి

డబ్లిన్‌లో ఉండే మనవాళ్ళు ఆదివారం పిల్లల్ని తీసుకుని సెల్‌బ్రిడ్జ్‌లో ఉన్న కాసిల్‌టౌన్ హౌస్‌కి వెళ్తుంటారు కదా, అక్కడ కాన్లీ కుటుంబం కథ చెప్తారు, 1722లో కట్టడం మొదలుపెట్టారు, 1965 దాకా వాళ్ళ చేతిలోనే ఉంది అని. వినగానే తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు అలా వరసగా వచ్చేసింది అనుకుంటాం. కానీ ఇల్లు కట్టించిన విలియం కాన్లీకి పిల్లల్లేరు, 1729లో పోయాడు, ఆస్తి తమ్ముడి కొడుక్కి చేరింది, ఆయన కొడుకు థామస్‌కీ పిల్లల్లేరు, 1803లో ఆయన పోయాక భార్య లేడీ లూయిసా 1821 దాకా ఉంది, ఆవిడ తర్వాత వచ్చింది థామస్ అక్కచెల్లెళ్ళలో ఒకావిడ కూతురి కొడుకు. ఆయన పుట్టుకతో పాకెన్‌హమ్, ఆస్తి కోసం కాన్లీ అని ఇంటిపేరు మార్చుకున్నాడు. అంటే మీరు "కాన్లీ" అనే పేరు మాత్రమే పట్టుకుని వెనక్కి వెళ్తే 1821 దగ్గర గోడకి గుద్దుకుంటారు, అదే కాసిల్‌టౌన్ అనే భూమిని పట్టుకుంటే దారి ఎక్కడా తెగదు.

నేను చెప్పబోయే పద్ధతి మొత్తం ఇదే. మన దగ్గర స్థలం కొనేముందు ఈసీ తీయించి లింక్ డాక్యుమెంట్లు ఒక్కొక్కటే వెనక్కి చూసుకుంటూ పోతామే, అచ్చం అలాగే.

ముందు ఏం కాలిపోయిందో తెలుసుకోండి

1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదట్లో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ పేలుడులో, మంటల్లో పోయింది. 1821 నుంచి 1851 వరకు ఉన్న జనాభా లెక్కల్లో చాలా భాగం, వందల ఏళ్ళ వీలునామాల ఒరిజినల్స్, చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ (అక్కడి ప్రొటెస్టెంట్ చర్చి) రిజిస్టర్లు బోలెడు, అన్నీ బూడిద. 1861 నుంచి 1891 లెక్కలు అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేయించింది, అందుకే 1922కి ముందు జనాభా లెక్కల్లో పూర్తిగా దొరికేవి 1901, 1911వే, ఇవి నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఫ్రీ. ఇది చదివి చాలామంది ఇంకేం దొరకదులే అని ఆగిపోతారు, దయచేసి ఆగకండి. సాదా రైతు కుటుంబానికి ఒకటే కాపీ ఉండేది, అది పోతే పోయినట్టే, కానీ భూస్వామి కుటుంబం కాగితం ఇంట్లో ఒకటి, లాయర్ దగ్గర ఒకటి, రిజిస్ట్రీలో ఒకటి, అల్లుడి ఇంట్లో ఒకటి ఉండేది. పైగా 2022లో వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అని ఒక సైట్ మొదలైంది, కాలిపోయిన వాటికి వేరే చోట్ల మిగిలిన నకళ్ళు అందులో చేరుస్తున్నారు, ఏ వెతుకులాట అయినా ఒకసారి అక్కడ పేరు కొట్టి చూడండి.

స్టెప్ 1: టౌన్‌ల్యాండ్ పేరు ఖాయం చేసుకోండి

ఐర్లాండ్‌లో భూమికి అన్నిటికన్నా చిన్న లెక్క టౌన్‌ల్యాండ్. పేరులో టౌన్ ఉన్నా అది ఊరు కాదు, కొన్ని వందల ఎకరాల ముక్క అంతే. దాని పైన సివిల్ పారిష్, దాని పైన బారనీ, ఆ పైన కౌంటీ. ఇలాంటివి 60,000 పైనే ఉన్నాయి, ఒకే పేరు పది కౌంటీల్లో ఉంటుంది, స్పెల్లింగ్ ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది. లాగిన్మ్ (logainm.ie) అనే సైట్‌లో ఐరిష్ పేరు, ఇంగ్లీష్ పేరు, పాత స్పెల్లింగులు ఇస్తారు, అవన్నీ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. నేను మొదట్లో ఒకే ఒక్క స్పెల్లింగ్‌తో రెండు రోజులు వెతికి ఏమీ లేదనుకుని వచ్చేశాను, తర్వాత చూస్తే అదే పుస్తకంలో నాలుగు పేజీల అవతల ఒక అక్షరం తేడాతో మొత్తం ఉంది.

స్టెప్ 2: ఒక సంవత్సరం దగ్గర కుటుంబాన్ని నిలబెట్టండి

దీనికి గ్రిఫిత్ వాల్యుయేషన్ మించింది లేదు. 1847 నుంచి 1864 మధ్య పన్ను కోసం దేశమంతా ప్రతి ముక్కకి వెల కట్టారు, ఆస్క్ అబౌట్ ఐర్లాండ్ సైట్‌లో మ్యాప్‌తో సహా ఫ్రీగా ఉంది. అందరూ ఆక్యుపయర్, అంటే భూమి చేతిలో ఉన్న మనిషి, అనే కాలమ్ చూస్తారు, మీకు కావలసింది దాని పక్కన ఇమ్మీడియేట్ లెస్సర్ అని ఉండే కాలమ్, అంటే కౌలుకి ఇచ్చిన మనిషి. ఒక జాగ్రత్త, ఆయనే అసలు ఓనర్ అవ్వాలని లేదు, ఆయన కూడా ఇంకో పెద్ద భూస్వామి దగ్గర కౌలుకి తీసుకుని కింద వాళ్ళకి ఇచ్చి ఉండొచ్చు. ఇలాంటి మధ్య మనుషులు అక్కడ చాలా ఎక్కువ. అందుకని 1876లో వచ్చిన రిటర్న్ ఆఫ్ ఓనర్స్ ఆఫ్ ల్యాండ్ కూడా పక్కన పెట్టుకోండి, ఎకరం పైన ఉన్న ఓనర్ల పేర్లు కౌంటీల వారీగా ఉంటాయి. గాల్వే యూనివర్సిటీ వాళ్ళ ల్యాండెడ్ ఎస్టేట్స్ డేటాబేస్ అయితే ఇంకా నయం, కనాక్ట్, మన్‌స్టర్ ప్రాంతాల్లో ఏ ఇల్లు ఎవరిది, వాళ్ళ కాగితాలు ఏ ఆర్కైవ్‌లో ఉన్నాయి అన్నది కూడా చెప్తుంది.

స్టెప్ 3: బర్క్ పుస్తకం చూడండి, కానీ అక్కడే ఆగొద్దు

బర్క్స్ ల్యాండెడ్ జెంట్రీ ఆఫ్ ఐర్లాండ్ అని 1899, 1904, 1912, 1958ల్లో ఎడిషన్లు వచ్చాయి. తయారైన వంశవృక్షం చేతికి వచ్చేస్తుంది కాబట్టి కాపీ కొట్టాలనిపిస్తుంది. 1800 తర్వాత సంగతులు చాలా వరకు పనికొస్తాయి, వెనక్కి వెళ్ళేకొద్దీ కుటుంబాలు తమ గురించి తాము చెప్పుకున్న గొప్పలే అచ్చులో కనిపిస్తాయి, ఆడపిల్లల్ని, పెళ్ళి కాకుండా పోయినవాళ్ళని, పేదవాళ్ళైపోయిన శాఖల్ని వదిలేస్తారు కూడా. దాన్ని వెతకాల్సిన పేర్ల లిస్టులా వాడండి, ప్రతి తరం పక్కన "ఏ కాగితంతో రుజువైంది?" అని ఒక ఖాళీ గడి పెట్టుకోండి. ఆ గడి నిండే దాకా ఆ తరం పెన్సిల్‌తో రాసినట్టే లెక్క.

స్టెప్ 4: రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్, అసలు నిధి ఇక్కడే

డబ్లిన్ హెన్రియెట్టా స్ట్రీట్‌లో ఉంది, 1708లో మొదలైంది, ఫోర్ కోర్ట్స్‌కి దూరంగా ఉండబట్టి బతికిపోయింది. దీన్ని పెట్టిన కారణం బాధాకరమైనది, క్యాథలిక్కుల చేతికి భూమి వెళ్ళకుండా చూడటం కూడా అందులో ఒకటి. కానీ ఆ కారణంగానే ఈరోజు మనకి 300 ఏళ్ళ భూమి లావాదేవీలు కనిపిస్తున్నాయి.

ఇక్కడ ఉండేది అసలు దస్తావేజు కాదు, మెమోరియల్ అంటారు, అంటే దస్తావేజు సారాంశం, ఎవరు ఎవరికి రాశారు, వాళ్ళ ఊరు, హోదా, భూమి పేర్లు, సాక్షుల పేర్లు ఉంటాయి. వెతకడానికి రెండు ఇండెక్సులు, రాసిచ్చినవాళ్ళ పేర్లది ఒకటి, కౌంటీల వారీగా భూముల పేర్లది ఒకటి. రాయించుకున్నవాళ్ళ పేరుతో ఇండెక్స్ లేదు, ఇది గుర్తుపెట్టుకోకపోతే చాలా టైమ్ పోతుంది. ఇంకో చిక్కు, 1833కి ముందు పేర్ల ఇండెక్స్‌లో ఏ కౌంటీయో రాయలేదు, జాన్ స్మిత్ లాంటి పేరైతే మీ పని అయిపోయినట్టే. అందుకే భూముల ఇండెక్స్ నుంచి మొదలుపెట్టండి అంటాను, మీ టౌన్‌ల్యాండ్ పేరు దగ్గర పదేళ్ళు పదేళ్ళు చూసుకుంటూ పోతే దొరికిన ప్రతి ఎంట్రీకి వాల్యూమ్, పేజీ, మెమోరియల్ లాంటి నంబర్లు ఉంటాయి, అవి రాసుకుంటే చాలు. డబ్లిన్ వెళ్ళక్కర్లేదు, ఫ్యామిలీసెర్చ్ అనే సైట్‌లో ఫ్రీ అకౌంట్ తెరిస్తే ఇండెక్సులు, నకలు పుస్తకాలు రెండిటి మైక్రోఫిల్మ్ ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

ఏ రకం కాగితం కోసం చూడాలి? మొదట పెళ్ళి ఒప్పందాలు. పెళ్ళికి కొన్ని రోజుల ముందు రెండు వైపుల పెద్దలు కూర్చుని రాసుకునేవాళ్ళు, పెళ్ళికూతురు తండ్రి ఎంత ఇస్తాడు, భర్త ముందు పోతే ఆవిడకి ఏటా మనోవర్తి ఎంత, రెండో కొడుక్కి, కూతుళ్ళకి ఎంత అని. ఒక్క కాగితంలో రెండు కుటుంబాల రెండు మూడు తరాలు వచ్చేస్తాయి. పెళ్ళికొడుకు పేరుతో దొరక్కపోతే మామగారి పేరుతో, బావమరిది పేరుతో చూడండి, ట్రస్టీల పేర్లు కూడా వదలొద్దు, వాళ్ళు ఎక్కువసార్లు మేనమామో బాబాయో అయి ఉంటారు. ఆ తర్వాత "మూడు ప్రాణాల" కౌళ్ళు. ఇవి భలే ఉంటాయి, ఇన్నేళ్ళు అని కాకుండా ముగ్గురు మనుషుల పేర్లు రాసి, ఆ ముగ్గురిలో ఆఖరి మనిషి బతికున్నంత కాలం కౌలు నడుస్తుంది అని రాసేవాళ్ళు. ఎక్కువ కాలం నడవాలి కదా, అందుకని కౌలుదారు తన చిన్నపిల్లల పేర్లు పెట్టించేవాడు, చాలాసార్లు వయసుతో సహా. చర్చి రిజిస్టర్ కాలిపోయిన చోట ఏడేళ్ళ పిల్లాడి పేరు, వయసు ఇలా ఒక కౌలు కాగితంలో దొరికితే కలిగే సంతోషం నిజంగా మాటల్లో చెప్పలేను.

తేదీల దగ్గర జాగ్రత్త. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అంటే 1720 ఫిబ్రవరి అని రాసి ఉంటే మన లెక్కలో అది 1721 ఫిబ్రవరి. ఇది మర్చిపోతే తండ్రి పోయాక సంతకం పెట్టినట్టు వస్తుంది. అలాగే ఎకరాలు, ఐరిష్ ఎకరం మామూలు ఎకరానికి దాదాపు 1.62 రెట్లు, రెండు కాగితాల్లో విస్తీర్ణం తేడా వస్తే భూమి అమ్మేశారని అప్పుడే అనుకోకండి.

స్టెప్ 5: కాలిపోయిన వీలునామాల నీడలు

ఒరిజినల్స్ పోయినా సర్ విలియం బెథమ్ అనే ఆయన 1800కి ముందున్న ప్రెరగేటివ్ కోర్టు వీలునామాల నుంచి కుటుంబ వివరాలన్నీ అవి కాలిపోకముందే నోట్‌బుక్కుల్లోకి ఎత్తి పెట్టాడు, అవి మిగిలాయి. ఒకటికి మించిన డయోసీస్‌లో (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) 5 పౌండ్ల పైన ఆస్తి ఉన్నవాళ్ళవి ఆ కోర్టుకి వెళ్ళేవి, అంటే మనకి కావలసిన జనమే. 1536 నుంచి 1810 వరకు ఆ వీలునామాల ఇండెక్స్‌ని ఆర్థర్ వికర్స్ 1897లో అచ్చు వేయించాడు, ముందు అందులో పేరు చూసుకుని తర్వాత బెథమ్ నోట్స్‌కి వెళ్ళండి. 1858 తర్వాతవైతే ఏటేటా క్యాలెండర్లు, అంటే వీలునామాల జాబితాలు, ఉన్నాయి, పోయిన తేదీ, ఊరు, ఆస్తి విలువ, ఎవరికి అప్పగించారు అన్నీ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో దొరుకుతాయి.

స్టెప్ 6: ఇంటిపేరు మారిన చోటు పట్టుకోండి

మన దగ్గర దత్తత వెళ్ళినవాడికి ఇంటిపేరు మారినట్టే అక్కడ ఆస్తి రావాలంటే పేరు మార్చుకోవాలి అని వీలునామాలోనే షరతు పెట్టేవాళ్ళు. మనకి బాగా తెలిసిన ఉదాహరణ ఉంది, 1798లో నిజాంతో సైన్య సహకార ఒప్పందం చేసుకుని, 1800లో కడప, అనంతపురం, బళ్ళారి ప్రాంతాలని కంపెనీకి దత్త మండలాలుగా రాయించుకున్న గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లస్లీ. ఆయన కుటుంబం ఐర్లాండ్ మీత్ కౌంటీలో డంగన్ భూస్వాములు. కానీ మగ సంతతి చూస్తే వాళ్ళు వెల్లస్లీలు కారు, కాలీలు. తాత రిచర్డ్ కాలీ 1728లో బంధువు గారెట్ వెస్లీ ఆస్తి వచ్చినప్పుడు వెస్లీ అయ్యాడు, మనవళ్ళ కాలంలో అది వెల్లస్లీ అయింది. కాబట్టి డంగన్ భూమి వెంట వెళ్తే వెస్లీలు వస్తారు, రక్తం వెంట వెళ్తే కిల్డేర్ కౌంటీ కార్బరీలోని కాలీలు వస్తారు, రెండూ వేరు వేరు కాగితాల మీద గీసుకోవాలి.

ఆయన తమ్ముడు ఆర్థర్, అంటే తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్ అయినాయన, దగ్గర ఇంకో పాఠం ఉంది. పుట్టినరోజు 1769 మే 1 అని కుటుంబం చెప్పేది, డబ్లిన్ సెయింట్ పీటర్స్ చర్చి రిజిస్టర్‌లో మాత్రం బాప్టిజం ఏప్రిల్ 30న అని ఉంది. పుట్టకముందే బాప్టిజం ఎలా? వెల్లింగ్టన్ డ్యూక్ అంతటి మనిషికే ఇలా ఉంటే మీ వాళ్ళకి రాదని లేదు, రెండు తేదీలూ ఎక్కడివో చెప్తూ రాసి పెట్టండి, ఒకటి కొట్టేయకండి.

మతం మారడం కూడా ఇక్కడే చూడాలి. 1704 చట్టం ప్రకారం క్యాథలిక్ భూస్వామి పోతే భూమి కొడుకులందరికీ సమానంగా పంచాలి, పెద్దకొడుకు చర్చ్ ఆఫ్ ఐర్లాండ్‌లో చేరితే మొత్తం వాడికే. ఉన్నట్టుండి ఒక శాఖ దగ్గర భూమి అంతా చేరిందంటే కన్వర్ట్ రోల్స్, అంటే మతం మారినవాళ్ళ జాబితాలు, చూడండి. ఇంకా వెనక్కి, 1641లో ఎవరిది, ఇంగ్లండ్ నుంచి వచ్చి క్యాథలిక్కుల భూములు లాక్కున్న క్రామ్‌వెల్ తర్వాత 1670లో ఎవరి చేతికి పోయింది అన్నది ట్రినిటీ కాలేజ్ వాళ్ళ డౌన్ సర్వే సైట్‌లో మ్యాప్ మీదే కనిపిస్తుంది.

స్టెప్ 7: ఎస్టేట్ కాగితాలు

ఇంతదాకా వచ్చాక ఆర్కైవ్‌కి వెళ్ళండి. డబ్లిన్ కిల్డేర్ స్ట్రీట్‌లో నేషనల్ లైబ్రరీలో ఆర్మండ్, లిస్మోర్, క్లాన్‌బ్రాక్ లాంటి పెద్ద ఎస్టేట్ల కాగితాలు ఉన్నాయి, ఉత్తరాదివి అబర్కార్న్, డౌన్‌షైర్ లాంటివి బెల్‌ఫాస్ట్‌లో ఉత్తర ఐర్లాండ్ పబ్లిక్ రికార్డ్ ఆఫీస్‌లో (కాలిపోయింది ఇది కాదు) ఉంటాయి. రీడర్ కార్డు ఫ్రీ, గుర్తింపు కార్డు తీసుకెళ్ళండి. వెళ్ళేముందు ఇంట్లోనే కలెక్షన్ లిస్ట్ చదివి మాన్యుస్క్రిప్ట్ నంబర్లు రాసుకుంటే ఒక రోజులో మూడు రోజుల పని అవుతుంది.

1845లో మొదలైన ఐర్లాండ్ మహా కరువు దెబ్బకి అప్పుల్లో మునిగిన ఎస్టేట్లని అమ్మడానికి 1849లో ఎన్‌కంబర్డ్ ఎస్టేట్స్ కోర్టు పెట్టారు. అమ్మకానికి వేసిన పుస్తకాల్లో మ్యాప్, కౌలుదారుల పేర్లు, కౌలు షరతులు, ఆ మూడు ప్రాణాల పేర్లతో సహా ఉంటాయి. మీ కుటుంబం 1850ల్లో ఉన్నట్టుండి కనిపించకుండా పోతే ముందు ఇవే చూడండి.

ఒక్క మాట, ఎస్టేట్ కౌలు చిట్టాలు తిరగేసేటప్పుడు భూస్వామి పేరు దొరగ్గానే పేజీ తిప్పేయకండి. కింద వరసగా ఉండే కౌలుదారుల పేర్లు, ఎన్ని షిల్లింగులు కట్టారు, ఎంత బాకీ పడ్డారు అన్న లెక్క, 1700ల్లో బతికిన చాలామంది పేద క్యాథలిక్ రైతులకి ఈ భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క రాత అది. ఫోటో తీయనిస్తే ఆ పేజీలు కూడా తీసుకోండి, ఆ టౌన్‌ల్యాండ్ వాళ్ళు ఎవరైనా మీ ఆఫీసులో పక్క సీట్లో కూర్చుని ఉండొచ్చు, వాళ్ళ ముత్తాత ముత్తాత పేరు మీ ఫోన్‌లోనే ఉండొచ్చు.