తీరిక లేని ఇంట్లో అందరూ కలిసి భోజనం చేయడం ఎలా?

ఇంట్లో ఒకరికి రాత్రి షిఫ్టు, మరొకరికి ఆలస్యంగా ముగిసే ఆఫీసు, పిల్లలకు సాయంత్రం ట్యూషన్లు ఉన్నప్పుడు, రోజూ రాత్రి అందరూ కలిసి తినాలన్న తీర్మానం మూడు రోజులకు మించి నిలవదు; నాలుగో రోజు తప్పగానే మొత్తం ప్రయత్నాన్నే వదిలేస్తాము. కాబట్టి ముందుగా ‘రోజూ’ అన్న మాటను పక్కన పెట్టడం మంచిది. అంబర్ హామన్స్, బార్బరా ఫీజ్ అనే పరిశోధకులు 17 అధ్యయనాలను కలిపి పరిశీలించి, 2011లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో ఒక సమీక్ష ప్రచురించారు. వారానికి మూడుసార్లు లేదా అంతకు మించి కుటుంబంతో కలిసి తినే పిల్లల్లో ఆహారపు అలవాట్లు మెరుగ్గా ఉన్నాయని, అధిక బరువు సమస్య కొంత తక్కువగా ఉందని అందులో తేలింది. కలిసి తినగలిగే కుటుంబాలకు ఇతర వెసులుబాట్లు కూడా ఉండవచ్చు కనుక, ఈ మేలంతా భోజనం వల్లనే కలిగిందని చెప్పలేము. అయినా మొదలుపెట్టడానికి మూడు అనేది మన చేతికి అందే సంఖ్య.

1. వారాన్ని కాగితం మీద పెట్టండి

రోజుకు మూడు పూటల లెక్కన వారానికి 21 పూటలు ఉంటాయి. ఒక కాగితం మీద వాటికి గడులు గీసి, ఏ పూట ఎవరు ఇంట్లో ఉంటారో రాయండి. చాలా ఇళ్లలో రాత్రి భోజనం కోసమే పట్టుబడతారు గాని, పట్టిక చూశాక సెలవు రోజు మధ్యాహ్నమో, వారం మధ్యలో ఒక ఉదయమో ఎక్కువ మంది ఇంట్లో ఉండే వేళ అని బయటపడుతుంది. అందరూ కుదరని చోట ఇద్దరు కూర్చున్నా ఆ పూటను లెక్కలోకి తీసుకోవచ్చు.

2. మూడు పూటలను ఎంచుకుని వేళ ఖాయం చేయండి

ఆ వేళను డాక్టరు దగ్గర తీసుకున్న అపాయింట్‌మెంటులాగా చూడాలి. ఎవరైనా ఆలస్యమైతే ఎంతసేపు ఆగాలో కూడా ముందే అనుకోండి. పదిహేను నిమిషాలు చాలు. చిన్నపిల్లలను ఆకలితో కూర్చోబెట్టకుండా వారికి ముందు కొంచెం పెట్టి, మిగిలినది అందరితో కలిసి తిననివ్వవచ్చు.

3. వడ్డించే మనిషిని కూడా కూర్చోబెట్టండి

కలిసి భోజనం అనే మాట చాలా ఇళ్లలో ఒకరికి అదనపు చాకిరీగా మారుతుంది. నలుగురు తింటుంటే ఒకరు వంటగదికి, బల్లకు మధ్య తిరుగుతూ ఉన్నంతకాలం అది నలుగురి భోజనమే, అయిదుగురిది కాదు. వండినవన్నీ ముందే తెచ్చి మధ్యలో పెట్టండి, ఎవరికి వారు వడ్డించుకోండి. నీళ్లు పెట్టడం, కంచాలు తీయడం, బల్ల తుడవడం పేరుపేరునా పంచుకోండి. వంట కూడా ఘనంగా ఉండనక్కర లేదు. ఒకటి రెండు వంటకాలు చాలు, బయటి నుంచి తెప్పించుకున్నా తప్పు లేదు. ముందు రోజే ఎక్కువగా వండి దాచుకునేవారు మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనను గుర్తుంచుకోవాలి: వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రత వద్ద రెండు గంటలకు మించి ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి, తినే ముందు పొగలు వచ్చేదాకా వేడి చేయాలి.

4. ఫోన్లకు, టీవీకి సెలవు ఇవ్వండి

ఫోన్లను కంటికి కనబడని ఒక చోట పెట్టండి. ఈ నియమం పెద్దలకు వర్తించకపోతే పిల్లలు వారం తిరగకముందే దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. ఉద్యోగరీత్యా ఫోను దగ్గర ఉంచుకోక తప్పనివారు ఆ సంగతి కూర్చునే ముందే చెప్పాలి.

5. మరో పది నిమిషాలు కూర్చోండి

మిగిలిన వాటికంటె దీనిమీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమని నా సలహా. బెర్లిన్‌లో 50 జంటలతో, అంటే ఒక్కో జంటలో తల్లి లేదా తండ్రి, 6 నుంచి 11 ఏళ్ల మధ్య ఒక బిడ్డ ఉండేలా, ఒక ప్రయోగం చేసి దాని ఫలితాలను 2023లో ప్రచురించారు. ఆహారాన్ని మార్చలేదు, పిల్లలను బతిమాలలేదు. భోజన సమయాన్ని మాత్రం మామూలు కంటె దాదాపు పది నిమిషాలు పెంచారు. ఆ పిల్లలు సగటున ఏడు ముక్కలు ఎక్కువగా, అంటే దాదాపు 100 గ్రాముల పండ్లు, కూరగాయలు అదనంగా తిన్నారు. అవి ఒక్కసారిగా నోట్లో పెట్టుకోగలిగేంత చిన్న ముక్కలుగా కోసి ఉన్నాయన్న విషయం కూడా గమనించదగినది. ఇంట్లో చేయవలసింది కూడా అంతే: కోసిన ముక్కలను చేతికి అందేలా పెట్టి, మొదట తినడం పూర్తయినవారు వెంటనే లేచిపోకుండా చూడండి.

6. తినమని ఒత్తిడి చేయకండి

పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ ఈ పనిని రెండుగా పంచారు. ఏమి పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి పెద్దల నిర్ణయాలు. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి పిల్లల నిర్ణయాలు. కొత్త రుచి అలవాటు కావడానికి చాలామంది పిల్లలకు అది పదిసార్లయినా కంచంలో కనబడాలి కనుక, ఒకసారి నెట్టేశారని దాన్ని ఇంట్లో మానేయవద్దు.

7. మాటలకు దారి వేయండి

‘ఈ రోజు ఎలా గడిచింది?’ అని అడిగితే ‘బాగానే’ అన్న ఒక్క మాటతో సంభాషణ ముగుస్తుంది. ‘ఈ రోజు నిన్ను ఎవరు నవ్వించారు?’ అని అడిగి చూడండి, లేదా పనిలో మీకు ఎదురైన ఒక చిక్కును మీరే ముందు చెప్పండి. మార్కులు, అప్పులు, పాత తప్పులు ఈ వేళకు రాకూడదు; వాటికి వేరే సమయం కేటాయించుకోండి. కుటుంబ చరిత్రను మాత్రం ధారాళంగా రానివ్వండి. ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ 20 ప్రశ్నలతో చేసిన పరిశోధనలో, తమ కుటుంబపు కథలు ఎక్కువగా తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం కూడా ఎక్కువగా కనిపించింది. తాతయ్య మొదటి ఉద్యోగంలో పడిన పాట్లు ఎవరైనా చెప్పగలిగితే, పది నిమిషాలు ఎలా గడిచాయో కూడా తెలియదు.

8. రెండు వారాలకు పట్టికను మళ్లీ తీయండి

అనుకున్న ఆరు పూటల్లో నాలుగు నిలిచినా మంచి ఆరంభమే. ఒకే పూట రెండుసార్లూ తప్పితే, ఎవరినీ తప్పుపట్టకుండా దాన్ని కొట్టేసి మరో గడిని ఎంచుకోండి. పరీక్షల కాలంలోనూ, షిఫ్టులు మారినప్పుడూ మూడును ఒకటికి తగ్గించండి గాని, ఆ ఒక్కదాన్ని మాత్రం రద్దు చేయవద్దు.