ధ్యానం చేస్తున్నా దిగులు తగ్గడం లేదంటే ఎక్కడ చూడాలి

చెన్నైలో మా ఇంటి మేడ మీద ప్రతి శనివారం ఉదయం కొందరు తెలుగువాళ్లం కలిసి ధ్యానానికి కూర్చుంటాము. కొత్తగా చేరినవారు నెల తిరగకముందే నా దగ్గరకు వచ్చి చెప్పే మాట ఒకటుంది: "రోజూ కూర్చుంటూనే ఉన్నానండీ, అయినా దిగులు పోవడం లేదు." ఎలా కూర్చోవాలో, శ్వాసను ఎలా గమనించాలో మీకు తెలుసుననే భావించి, ఆ తర్వాత ఎదురయ్యే చిక్కుల గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

లక్షణం: లేచిన అరగంటకే అదే దిగులు మళ్లీ వస్తోంది

కారణం చాలాసార్లు మనసులో ఉండదు, బల్ల మీద ఉంటుంది. కట్టని బిల్లు, వైద్యుడికి చూపించుకోని పంటినొప్పి, చేయని ఫోను. ఇది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ సరిచూసుకోరు; ఇన్నేళ్లుగా అందరికీ మొదట చెబుతున్నదీ, అందరూ దాటవేస్తున్నదీ ఇదే.

వేళచ్చేరిలో కింది అంతస్తులో ఉండే ఒకావిడకు అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే చాలు, నిద్ర పట్టేది కాదు. 2015 డిసెంబరు వరదలో వాళ్ల ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. మబ్బు పట్టిన ప్రతి సాయంత్రమూ ఆవిడ గంటసేపు ధ్యానం చేసేది. ఇంటి పత్రాలు ఎక్కడున్నాయని నేను అడిగితే, మంచం కింది పెట్టెలో ఉన్నాయంది. ఆ వారమే వాటిని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి అటక మీదకు చేర్చారు. భారీ వర్షం హెచ్చరిక రాగానే చుట్టుపక్కలవాళ్లు చేసినట్టే కారును ఫ్లైఓవర్ మీద నిలిపి రావాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. వాన భయం పూర్తిగా పోలేదు గాని, మిగిలిన భయం ధ్యానానికి లొంగేంత చిన్నదయింది.

పరిష్కారం: కూర్చోబోయే ముందు, "దీని గురించి ఈ రోజు నేను చేయగలిగిన పని ఏదైనా ఉందా?" అని అడగండి. ఉంటే, అది పది నిమిషాల పనైతే, ముందు చేసి వచ్చి కూర్చోండి. పెద్ద పనైతే ఏ రోజు చేస్తారో రాసిపెట్టుకోండి.

లక్షణం: ప్రత్యేకంగా ఏ ఆలోచనా లేదు, అయినా గుండె దడగా ఉంటోంది

కాఫీని, నిద్రను చూడండి. చాలామందిలో కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. అంటే సాయంత్రం 6 గంటలకు తాగిన చిక్కటి డికాషన్ కాఫీ ప్రభావం రాత్రి 11 గంటలకు కూడా ఒంట్లో ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత కాఫీని పది రోజులు మానేసి చూసి, అప్పటికీ దడ తగ్గకపోతే ధ్యానం గురించి ఆలోచిద్దాం.

లక్షణం: మనసు నిలవడం లేదు

ఇది లోపం కాదు. గీత ఆరవ అధ్యాయంలో కృష్ణుడు కూడా, చంచలమైన మనసు ఎటు పోతే అటు నుంచి వెనక్కి తెచ్చుకోమనే చెబుతాడు. ముప్పైసార్లు పోతే ముప్పైసార్లు తెచ్చుకోవడమే సాధన.

లక్షణం: ఆత్మపరిశీలన చేసుకున్నకొద్దీ మనసు బరువెక్కుతోంది

ఇక్కడ మాత్రం కాస్త ఆగాలి. నేను రెండేళ్లు పోగొట్టుకున్నది ఇక్కడే.

అమ్మ నెల్లూరులో మా అన్నయ్య దగ్గర ఉండేది. ఒకరోజు ఫోనులో అన్నయ్యకూ నాకూ మాటా మాటా పెరిగింది. మర్నాటి నుంచి తెల్లవారుజామున 5 గంటలకు లేచి, కళ్లు మూసుకుని, ఆ సంగతినే "పరిశీలించడం" మొదలుపెట్టాను. వాడు ఎందుకలా అన్నాడు, నాకెందుకంత కోపం వచ్చింది, నేనెందుకు ఇలా తయారయ్యాను అని ప్రశ్న మీద ప్రశ్న వేసుకునేవాణ్ణి. అప్పుడప్పుడు కన్నీళ్లు వచ్చేవి, వచ్చాక కాసేపు తేలికగా ఉండేది, ఆ తేలికను చూసి సాధన ముందుకు పోతోందని నమ్మాను. లేచాక నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకునే అలవాటు కూడా ఉండేది. చాలాకాలం తర్వాత ఒక పేజీ కోసం వెతుకుతూ వెనక్కి తిప్పితే, పేజీ తర్వాత పేజీలో ఒకే వాక్యం కనిపించింది: "అన్నయ్య నన్నెప్పుడూ అర్థం చేసుకోలేదు." మధ్యలో నీలం సిరా అయిపోయి నల్ల సిరా వచ్చింది గాని, వాక్యం మాత్రం మారలేదు.

నేను చేసింది పరిశీలన కాదు, చర్వితచర్వణం. దిగులు ఆత్మవిచారం వేషం వేసుకుని వచ్చింది, నేను దానికి పీట వేసి కూర్చోబెట్టాను. పట్టుకోవడం కష్టమెందుకంటే, బయటికి అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి: వేళకు లేస్తాం, నిటారుగా కూర్చుంటాం, మనసులోకి చూసుకుంటున్నామనే తృప్తి ఉంటుంది, ఇంట్లోవాళ్లు కూడా మెచ్చుకుంటారు. లోపల మాత్రం గానుగెద్దులా అదే చుట్టు తిరుగుతుంటాం. "నేనెందుకు ఇలా ఉన్నాను?" అనే ప్రశ్నకు ముగింపు లేదు కాబట్టి, మనసు దాన్ని ఎంతసేపైనా తిప్పగలదు. "ఆ రోజు ఏం జరిగింది? ఎవరు ఏ మాట అన్నారు? ఇప్పుడు నేను చేయవలసింది ఏమిటి?" అనే ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది, దొరికాక మనసు వాటిని వదులుతుంది.

కనిపెట్టే పద్ధతి సులువే. కూర్చోబోయే ముందు దిగులును ఒక్క వాక్యంలో రాయండి, లేచాక మళ్లీ ఒక్క వాక్యం రాయండి. వరుసగా మూడు రోజులు రెండు వాక్యాలూ ఒకటే అయితే, మీరు చేస్తున్నది కూడా నేను చేసినదే.

పరిష్కారానికి ధ్యానాన్నీ ఆత్మపరిశీలననూ విడదీయాలి. ధ్యానంలో విచారణ వద్దు; దిగులు వస్తే "దీనికి వేరే వేళ ఉంది" అనుకుని శ్వాస దగ్గరకు రండి. ఆ వేరే వేళ నిజంగానే ఉండాలి, లేకపోతే మనసు ఆ మాటను నమ్మదు. 1983లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ బోర్కోవెక్ బృందం ప్రయత్నించి చూసిన పద్ధతి ఇలాంటిదే: రోజూ ఒకే వేళకు, ఒకే చోట, అరగంట దిగులుకు కేటాయించడం, మిగతా వేళల్లో వస్తే అప్పటికి వాయిదా వేయడం. మా బృందంలో అరగంటను పావుగంట చేశాం. పడకగదిలో కాకుండా మరోచోట, చేతిలో కలంతో కూర్చోండి. "ఎందుకు" అనే మాటతో ఏ ప్రశ్ననూ మొదలుపెట్టకండి. వేళ కాగానే, సంగతి తేలకపోయినా సరే, లేచిపోండి.

అలా రాసిన మొదటి రోజే, అన్నయ్య అన్నదాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టాను: "నువ్వొచ్చి నాలుగు నెలలైంది, అమ్మ అడుగుతోంది రా." అందులో నిందే లేదు. ఆ శనివారం బృందాన్ని మరొకరికి అప్పగించి, సెంట్రల్‌లో నెల్లూరు రైలెక్కాను.

ఈ పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. మధ్యమధ్యలో "దిగులు పోయిందా?" అని తడిమి చూసుకునేవారికి అది పోదు, ఎందుకంటే తడిమి చూడటమూ దిగులే. వారానికి ఒక్కసారి, నోటుపుస్తకం తిప్పినప్పుడు చూసుకుంటే చాలు.

అరుదైనవి

థైరాయిడ్ అతిగా పనిచేసినా ఆందోళన, దడ ఉంటాయి, రక్తపరీక్షతో తేలిపోతుంది. కళ్లు మూసుకుంటేనే భయం వేసేవారు కళ్లు తెరిచి, నడుస్తూ ధ్యానం చేయవచ్చు. దిగులు ఆరు నెలలుగా దాదాపు ప్రతిరోజూ ఉండి నిద్రనూ పనినీ పాడుచేస్తుంటే, లేదా బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ చిట్కాలతో కాలయాపన చేయకుండా వైద్యుణ్ణి కలవండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. చెన్నై నుంచి చేసినా తెలుగులో మాట్లాడాలని అడగవచ్చు. మందులు మొదలైనా, వైద్యుడు వద్దంటే తప్ప, ఉదయం కూర్చోవడం మానవలసిన పనిలేదు.