హోమియో రిపర్టరీ చదువుదాం – 6వ పాఠం: అన్నదే అనడం, అనలేకపోవడం

ఈసారి పొటెన్సీల గురించి, అంటే మందును ఎంత పలచన చేస్తారన్న లెక్క గురించి చెప్తానన్నాను. అది వచ్చేసారికి. 5వ పాఠానికి మీరు పంపిన జవాబులు చూశాక ముందు ఈ పంచాయితీ తెంపక తప్పేట్టు లేదు.

నేనిచ్చిన కేసు ఒక్కటే: "పెద్దాయన మాటలు మర్చిపోతున్నాడు, అన్నదే మళ్లీ మళ్లీ అంటున్నాడు." దాదాపు అందరూ కెంట్ రిపర్టరీలో (లక్షణాన్ని బట్టి మందు వెతుక్కునే పుస్తకం) మనసు అధ్యాయం తెరిచి, 'జ్ఞాపకశక్తి తగ్గడం' దగ్గర ఆగి, అనకార్డియం అని రాసేశారు. అనకార్డియం అంటే మన నల్లజీడే. గింజ తెలిసిందే కదా అని మందు కూడా అదే అనుకున్నారేమో. తప్పులో నా వాటా కూడా ఉంది. 'మళ్లీ మళ్లీ' అనే మాటంటే నాకు పడదు, అయినా కేసులో నేనే వాడాను. ఆ ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు సంగతులు దాక్కుంటాయి.

పిల్లవాణ్ణి "బువ్వ తిన్నవా?" అని అడిగితే "బువ్వ తిన్నవా... ఆ, తిన్న" అంటాడు. ప్రశ్నను నోట్లో ఒకసారి తిప్పుకుని జవాబిస్తున్నాడు. మెటీరియా మెడికాలో (ఒక్కో మందు కింద దాని లక్షణాలు రాసి ఉండే పుస్తకం) జింకం అనే మందు కింద, అన్నది అన్నట్టు అనే పిల్లవాడు అని ఉండేది ఇలాంటిదే. కానీ జవాబు రాకుండా ప్రశ్న ఒక్కటే వస్తుంటే, పేరు పెట్టి పిలిచినా తల తిప్పకుంటే, చూడాల్సింది జింకం పేజీ కాదు, పిల్లల డాక్టర్ని.

నత్తి వేరు. "బ... బ... బస్సు" అన్నప్పుడు మాట తెలుసు, బయటికి రావడమే కష్టం. ఉమ్మెత్త నుంచి చేసే స్ట్రమోనియం ఇక్కడ కనిపిస్తుంది.

పది నిమిషాలకోసారి "కరెంటు బిల్లు కట్టినవా?" అని అడిగే ముసలాయనకు మాటలో ఏ లోపమూ లేదు. మీరిచ్చిన జవాబే ఆయన దగ్గర నిలవడం లేదు.

ఇక నాలుగోది. మీలో ఒక్కరూ పట్టుకోనిది, నాకు కోపం తెప్పించింది ఇదే. మనిషి ధారాళంగా మాట్లాడతాడు, చెప్పింది అర్థం చేసుకుంటాడు. "కాకతీయ అను" అంటే మాత్రం "కాతకీయ... తాకకీయ... కాకయతీ..." అంటాడు. తప్పని ఆయనకే తెలుసు, సర్దుకుంటూనే ఉంటాడు. ఇక్కడ 'మళ్లీ మళ్లీ' అంటే అదే మాట కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నించడం! మాట పొడుగైన కొద్దీ కష్టం పెరుగుతుంది. 'బస్సు' అనగలడు. 'హన్మకొండ చౌరస్తాల బస్సు దిగిండు' అనమంటే తడబడతాడు. దీన్ని కండక్షన్ అఫేసియా అంటారు. మాటను వినే తావుకూ పలికించే తావుకూ మధ్య దారి తెగితే ఇలా అవుతుందని 1874లోనే జర్మన్ వైద్యుడు వెర్నికే చెప్పాడు. దీన్ని మతిమరుపు అని రాస్తే ఎట్లా? మతి నిక్షేపంగా ఉంది.

పేరు తట్టకపోవడం మళ్లీ వేరు. "గదే... తలుపుకు పెట్టి తిప్పుతరు సూడు" అంటాడు, తాళంచెవి అనే మాట రాదు. ప్లంబం కింద ఇది ఉంది. ప్లంబం అంటే సీసం. రాతలో అక్షరాలు తారుమారైతే లైకోపోడియం, మొదలుపెట్టిన వాక్యం మధ్యలోనే మర్చిపోతే కన్నబిస్ ఇండికా. వీటిని కంఠస్థం చేయకండి, పేజీ ఎక్కడుందో తెలిస్తే చాలు.

మనసు అధ్యాయం నేను అన్నిటికంటే చివర తెరుస్తాను. మొదటి ప్రశ్న "ఎప్పటి నుంచి?" కొత్తగా నేర్చుకునే రోజుల్లో పరకాలలో మా మేనమామ చాయ్ తాగుతూ తాగుతూ గిలాస పేరు మర్చిపోయాడు. నేను గంటసేపు పేజీలు తిప్పాను. మూతి వంకర పోయాక గానీ ఆటో పిలవలేదు. ఉన్నట్టుండి మాట తేడా వస్తే అది పక్షవాతం కావచ్చు. పుస్తకం మూసి 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా 4.5 గంటలే గడువు.

ఈ మందులతో పోయిన మాట తిరిగొస్తుందా అని ఇద్దరు అడిగారు. వస్తుందని నేను చెప్పను. 12సి, అంటే నూరో వంతుకు పన్నెండుసార్లు పలచన చేయడం, దాటిన మందులో మూల పదార్థం అణువు మిగిలే అవకాశం దాదాపు లేదు. హోమియో ఏ జబ్బుకైనా పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో తేల్చింది. హోమియో నేర్పేవాడివి ఇట్లా రాయొచ్చా అని మా ఇంట్లోనే గొడవ. మాట కోసం చేయాల్సింది స్పీచ్ థెరపీ. రిపర్టరీ వల్ల నాకు పట్టుబడింది ఒక్కటే, ఎదుటి మనిషి చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం.

అభ్యాసం: ఇంట్లో ఒక పెద్ద మనిషిని ఎంచుకోండి. ఏడు రోజులు, రోజుకు మూడుసార్లు, మాట ఎక్కడ ఆగిందో ఆయన మాటల్లోనే రాయండి. 'గదే', 'ఏందది' కూడా వదలొద్దు. ఆ నాలుగింటిలో ఏదో, లేక పేరు తట్టకపోవడమో, పక్కన గుర్తు పెట్టండి. మందు పేరు రాసిన కాగితం నేను దిద్దను.