పిల్లాడికి బాగాలేదు: తెల్లారేదాకా ఆగాలా, ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకుపోవాలా?

పిల్లలకు సుస్తీ చేసిన రాత్రి ఇంట్లో చర్చంతా జ్వరం అంకె చుట్టూనే తిరుగుతుంది. థర్మామీటర్‌లో 103 కనిపిస్తే అందరికీ టెన్షన్. 99 ఉంటే "ఏం గాదు, పండుకోనియ్" అని నానమ్మ తీర్పు. ఆ అంకె ఒక్కటే నమ్ముకుంటే మోసపోతాం. 103 జ్వరంలో కూడా మందు పడ్డ గంటకు లేచి బిస్కెట్ అడిగే పిల్లలుంటారు. జ్వరమే లేకుండా ఒళ్లు చల్లబడి ప్రాణం మీదికి తెచ్చుకునే పసికందులూ ఉంటారు. చూడాల్సింది పిల్లాడు ఏం చేస్తున్నాడు, ఏం చేయలేకపోతున్నాడు అన్నది.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దీనికి దూరం లెక్క కూడా కలపాలి. పట్టణంలో ఉన్నవాళ్లు "ఇంకో గంట చూద్దాం" అనుకోవచ్చు. చందంపేట తండాల్లో, అమ్రాబాద్ అడవి అంచు ఊళ్లలో ఉన్నవాళ్లు ఆ గంటకు దారిలో పట్టే గంటలు కూడా కలుపుకోవాలి. అందుకే అక్కడ పొద్దు గూకకముందే ఒకసారి పిల్లాడిని నిదానంగా చూసి నిర్ణయం తీసుకోవడం మేలు. కింద చెప్పినవి డాక్టర్‌కు బదులు కాదు, డాక్టర్ దగ్గరికి ఎంత తొందరగా చేరాలో తేల్చుకోవడానికి.

1. ముందు వయసు చూడండి

మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఇంట్లో ఆగొద్దు. మందు వేసి చూద్దాం అనుకోవద్దు. ఈ వయసులో రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా బయటికి పెద్దగా కనిపించదు. రెండు నెలల లోపు బిడ్డ పాలు తాగడం మానేసినా, ఏడుపు నీరసించినా, ఒళ్లు చల్లబడినా, పసిరికలు అరచేతులు, అరికాళ్ల దాకా వచ్చినా అదే మాట. పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపిస్తే కూడా వెంటనే చూపించాలి. ఎండలో పెడితే పోతుందని ఊరుకోవద్దు.

2. తాగుతున్నాడా, ఊపిరి ఎట్లా ఉంది, తెలివిలో ఉన్నాడా

ఐదేళ్ల లోపు పిల్లలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీ) చూసేటప్పుడు మొట్టమొదట అడిగే ప్రమాద గుర్తులు నాలుగే. ఏమీ తాగలేకపోవడం లేదా చనుపాలు పట్టలేకపోవడం, తాగిందల్లా కక్కేయడం, ఫిట్స్ రావడం, మత్తుగా పడి ఉండటం లేదా లేపితే లేవకపోవడం. వీటిలో ఒక్కటి ఉన్నా ఎమర్జెన్సీ. జ్వరం ఎంతుందన్నది ఆ తర్వాతి మాట.

నిద్రకూ మత్తుకూ తేడా తెలియక చాలామంది ఆలస్యం చేస్తారు. నిద్రపోయే పిల్లాడిని లేపితే చిరాకు పడతాడు, చెయ్యి తోసేస్తాడు, ఏడుస్తాడు. మత్తులో ఉన్నవాడు కళ్లు తెరిచినా అమ్మ ముఖం మీద చూపు నిలపడు, మళ్లీ వాలిపోతాడు. "పాపం, అలసిపోయి పడుకున్నాడు" అనుకునే ముందు ఒకసారి లేపి చూడండి.

ఊపిరి లెక్కపెట్టడం ఎవరైనా చేయగలరు. పిల్లాడు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, పొట్ట ఎన్నిసార్లు లేచిందో నిండు నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60 లేదా అంతకన్నా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40 లేదా ఆ పైన వస్తే ఊపిరి వేగంగా ఉన్నట్టు. రెండు నెలల లోపు బిడ్డకైతే మళ్లీ ఒకసారి లెక్కపెట్టి, అంతే వస్తే బయల్దేరండి. అంతకన్నా పెద్ద పిల్లలకు వేగం ఒక్కటే ఉంటే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి, న్యుమోనియా కావచ్చు. వేగంతో పాటు డొక్కలు ఎగరేస్తుంటే, పక్కటెముకల కింద లోపలికి గుంజుకుంటుంటే, ముక్కుపుటాలు అదురుతుంటే, ప్రతి శ్వాసకూ మూలుగుతుంటే, పెదాలు నీలంగా మారితే బండి పిలవండి. ఆవిరి పడుతూ, ఛాతీకి వేపరబ్ రాస్తూ కూర్చునే సమయం కాదది.

ఇక్కడే మన దగ్గరి ఒక సంగతి. పల్లీలు, సీతాఫలాలు మన ప్రాంతంలో ఇంటింటా ఉంటాయి. బుక్కతూ ఆడుకుంటున్న పిల్లాడు ఒక్కసారిగా పొలమారి గట్టిగా దగ్గి, కాసేపటికి మామూలైపోతాడు. అందరూ మర్చిపోతారు. తర్వాత దగ్గు, పిల్లికూతలు మొదలై వారాల తరబడి సర్ది మందులు నడుస్తాయి. గింజ ఊపిరి గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు. ఆ పొలమారిన సంగతి డాక్టర్‌కు చెప్పకపోతే ఆయనకు తట్టకపోవచ్చు. అలాంటిది జరిగితే అదే రోజు చూపించండి. అక్కడికక్కడే గొంతుకు అడ్డంపడి దగ్గు, ఏడుపు కూడా రాకపోతే క్షణం ఆగొద్దు. ఏడాది లోపు బిడ్డనైతే తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద రెక్కల మధ్య ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీ మధ్యలో రెండు వేళ్లతో ఐదు నొక్కులు. ఏడాది దాటితే వీపు మీద ఐదు దెబ్బలు, వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికీ పైకీ ఐదు గుంజులు. గింజ బయటపడేదాకా ఇవే మార్చి మార్చి చేయండి. కనిపించని గింజ కోసం నోట్లో వేలు పెట్టి వెతికితే ఇంకా లోపలికి పోతుంది.

3. వాంతులు, మోషన్స్ అయితే మూత్రం మీద కన్నేయండి

ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు కలపమని రాసుందో అన్నే కలపాలి. పెద్ద ప్యాకెట్‌కు లీటరు నీళ్లు. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి కలపడం మంచిది కాదు, ఉప్పు ఎక్కువై ప్రమాదం. నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా పట్టండి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. ఇక ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని కిరాణా కొట్లలో అమ్మే తీపి డబ్బాల సంగతి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి డ్రింకులకు ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. మెడికల్ షాపులో పొడి ప్యాకెటే అడగండి.

ఆరు నుంచి ఎనిమిది గంటలుగా మూత్రం పోయలేదు, ఏడిస్తే కన్నీళ్లు లేవు, కళ్లు లోపలికి పోయాయి, పసిబిడ్డ నడినెత్తి మీది మెత్తటి చోటు గుంటపడింది, పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే నిదానంగా సర్దుకుంటోంది. ఇవి కనిపిస్తే ఇంట్లో సెలైన్ ఎక్కించుకోవడం కాకుండా ఆసుపత్రికే పోవాలి. వాంతి ఆకుపచ్చగా వచ్చినా, విరేచనంలో రక్తం పడినా, పసిబిడ్డ ఉండుండి కాళ్లు పొట్టకు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తూ మధ్యలో పాలిపోతున్నా పేగుకు అడ్డం పడి ఉండొచ్చు. దానికి సర్జన్ ఉన్న చోటు కావాలి.

4. జ్వరం మందు కొలత సరిచూసుకోండి

పారాసిటమాల్ బరువును బట్టి ఇవ్వాలి. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 10 కిలోల పిల్లాడికి 150 మిల్లీగ్రాములు. చుక్కల సీసాలో ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములుంటే 1.5 మిల్లీలీటర్లు చాలు. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 250 ఉన్నదైతే 3 మిల్లీలీటర్లు. ఈ మూడు సీసాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అంటే "మొన్న 6 పోశాం" అని చుక్కల మందు 6 పోస్తే నాలుగింతలు పోసినట్టు. నాలుగు గంటల లోపు మళ్లీ వేయొద్దు, రోజుకు నాలుగుసార్లకు మించొద్దు. పోసిన టైమ్ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టండి.

మందు పడ్డాక పిల్లాడు కాస్త ఆడుతూ, తాగుతూ, మూత్రం పోస్తూ ఉంటే, వయసు మూడు నెలలు దాటి ఉంటే, ఊపిరి బాగుంటే రాత్రి ఇంట్లోనే ఉండి పొద్దున ఓపీకి తీసుకుపోవచ్చు. అలాంటి పిల్లాడిని అర్ధరాత్రి వర్షంలో బైక్ మీద తిప్పడం వల్ల వచ్చే లాభమేమీ లేదు. మెడ బిగుసుకుపోయినా, అద్దం గ్లాసుతో నొక్కినా మాయం కాని ఎర్ర, ఊదా మచ్చలు లేచినా మాత్రం ఆగొద్దు.

5. ఫిట్స్ వస్తే గడియారం చూడండి

ఆరు నెలల నుంచి ఐదేళ్ల వయసులో జ్వరంతో వచ్చే ఫిట్స్ ఎక్కువగా ఐదు నిమిషాల్లోపే ఆగిపోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చుట్టూ తగిలేవి తీసేయండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏమీ పెట్టొద్దు. చేతిలో తాళం చెవులు పెట్టినా, ఉల్లిగడ్డ వాసన చూపించినా ఫిట్స్ ఆగవు, టైమ్ పోతుంది. వాతలు పెట్టడమైతే ఉన్న జబ్బుకు పుండ్లు కలపడమే. మొదటిసారి వస్తే ఆగిపోయినా ఆసుపత్రికి పోవాలి. ఐదు నిమిషాలు దాటితే, ఒకే రోజు మళ్లీ వస్తే, తర్వాత తెలివి రాకపోతే 108 పిలవండి.

6. వీటికి ఇంట్లో చూసేదేమీ లేదు, బయల్దేరడమే

పాము, ముఖ్యంగా కట్లపాము. నేల మీద పడుకున్న పిల్లలను రాత్రి కరుస్తుంది. గాటు కనిపించకపోవచ్చు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచిన పిల్లాడి కంటిరెప్పలు వాలిపోతుంటే, మింగలేకపోతుంటే, అజీర్తి అనుకుని వాము నీళ్లు పోయొద్దు. గట్టిగా కట్టు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కరిచిన చెయ్యినో కాలునో కదలకుండా ఉంచి, నడిపించకుండా ఎత్తుకుని, విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉన్న సర్కారు దవాఖానకు తీసుకుపోవాలి.

ఎర్రతేలు కుట్టిన పిల్లాడికి చెమటలు, వాంతులు, చేతులూ కాళ్లూ చల్లబడటం మొదలైతే విషం గుండె మీద పని చేస్తోందని అర్థం. దీనికి ప్రాజోసిన్ మాత్ర బాగా పనిచేస్తుందని చూపించింది మహారాష్ట్రలోని మహాడ్‌లో పల్లె రోగులకు వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. నొప్పికి ఒక ఇంజక్షన్ వేసి ఇంటికి పంపించేసే చోట ఆగిపోవద్దు.

పత్తి చేలు ఉన్న ఇంట్లో పురుగుమందు సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లాడి నోట్లోంచి చొంగ, చెమట, కంటిపాప సూదిమొనంత కావడం కనిపిస్తే మోనోక్రోటోఫాస్ లాంటి మందు లోపలికి పోయినట్టు. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. కిరోసిన్ తాగినా అంతే, కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బట్టలు విప్పేసి ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బా వెంట తీసుకుపోండి. పోలీసు కేసు అవుతుందని భయపడి ప్రైవేటు చోట్ల దాచిపెట్టి తిరగడం చూస్తుంటాం. పోలీసులకు కబురు పంపడం ఆసుపత్రి చేసే మామూలు పని, దానికోసం వైద్యం ఆగదు.

కాలితే 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయండి, పేస్టు వద్దు. ముఖం మీద కాలినా, పెద్ద మేర బొబ్బలెక్కినా ఆసుపత్రికి. కుక్క కరిస్తే 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి అదే రోజు టీకా వేయించాలి. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినా, పదేపదే వాంతులైనా బయల్దేరండి.

7. ఎక్కడికి పోవాలి

మన దగ్గర అలవాటుగా సాగే దారి ఒకటుంది. ముందు ఊళ్లో ఆర్ఎంపీ, తగ్గకపోతే మండల కేంద్రంలో నర్సింగ్ హోమ్, అక్కడ "మా దగ్గర కాదు" అనగానే నేరుగా హైదరాబాద్‌లోని నిలోఫర్ పిల్లల ఆసుపత్రి. ఒక్కోచోట రెండేసి గంటలు పోతాయి. చివరి మెట్టు ఇంకా ప్రమాదం. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. డొక్కలు ఎగరేస్తున్న బిడ్డను ఆక్సిజన్ లేని కారులో అంత దూరం తీసుకుపోవడం కన్నా, దగ్గరి పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించి, సెలైన్ ఎక్కించి, బిడ్డ కుదుటపడ్డాక రెఫర్ చేయించుకుని అంబులెన్స్‌లో పోవడం మంచిది. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలల్లో ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి, వాటి ఆసుపత్రులకు పోండి. మీ ఊరికి ఏది దగ్గర, రాత్రి పిల్లల డాక్టర్ ఉంటారా అన్నది ఆశా కార్యకర్తను లేదా ఏఎన్ఎంను అడిగి ఇప్పుడే తెలుసుకుని ఉంచండి.

108కు ఫోన్ చేసినప్పుడు ఊరి పేరు, మండలం, దగ్గరి గుర్తు చెప్పండి. ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉంటాయి. లోపలి తండా అయితే బిడ్డను మెయిన్ రోడ్డు దాకా తెస్తామని చెప్పి ఎదురు రండి. ఆటోనో కారో ముంగిట్లో ఉండి, ఆసుపత్రి దగ్గరైతే దాంట్లోనే పోండి. ఊపిరాడని పిల్లాడిని బైక్ మీద ఇద్దరి మధ్యలో ఇరికించి మాత్రం తీసుకుపోవద్దు.

8. వెంట ఏం తీసుకుపోవాలి, ఏం చెప్పాలి

టీకాల కార్డు, వేసిన మందుల సీసాలు, ఆర్ఎంపీ ఏ ఇంజక్షన్ వేశాడో రాసిన చీటీ. చీటీ రాయకపోతే ఆయన ఫోన్ నంబర్. చివరిసారి ఎప్పుడు పాలు తాగాడు, ఎప్పుడు మూత్రం పోశాడు, ఎన్నిసార్లు కక్కాడు అన్నవి దారిలో గుర్తు చేసుకోండి. ఆధార్, రేషన్ కార్డు దొరికితే పెట్టుకోండి, వాటి కోసం వెనక్కి తిరగొద్దు. ఎమర్జెన్సీలో ప్రాణం కాపాడటం సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా చేయాల్సిన బాధ్యతని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. అడ్వాన్స్ కట్టేదాకా ముట్టం అంటే ఆ మాట గుర్తుచేయండి.

9. ఇంటికి పంపించాక

వానాకాలం, ఆ తర్వాతి నెలల్లో డెంగీ భయం ఉంటుంది. దాంట్లో అసలు ప్రమాదం తరచుగా జ్వరం తగ్గే రోజుల్లో, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య వస్తుంది. ఒళ్లు చల్లబడింది కదా అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, అప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, చేతులూ కాళ్లూ చల్లబడటం మొదలవుతాయి. అలా జరిగితే రిపోర్టులో ప్లేట్‌లెట్స్ ఎన్ని ఉన్నాయన్నది చూడకుండా వెనక్కి తీసుకుపోండి. డెంగీ అనుమానం ఉన్నన్నాళ్లు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వొద్దు. పారాసిటమాల్ ఒక్కటే. డిశ్చార్జ్ చేసేటప్పుడు "ఏం కనిపిస్తే మళ్లీ రావాలి" అని డాక్టర్‌ను అడిగి, కాగితం మీద తెలుగులో రాయించుకోండి.