చలికాలానికి ఎన్ని కట్టెలు కావాలి? మీ ఇంటి లెక్క మీరే వేసుకోండి

చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉండాలంటే ఎన్ని కట్టెలు కావాలని ఎవరినైనా అడిగి చూడండి, "మాకు రెండు లారీలు పట్టాయి", "మేం నాలుగు వరుసలు కాల్చేశాం" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే, కానీ ఆ లెక్క మీకు పనికిరాదు, ఎందుకంటే పక్కపక్కనే ఉన్న రెండిళ్లలో అదే చలికి ఒకరు కాల్చినదానికి మూడింతలు ఇంకొకరు కాల్చడం మామూలే. ఇల్లు ఎంత వేడిని బయటికి వదిలేస్తోంది, కట్టె ఎంత ఎండింది, పొయ్యి ఎలాంటిది, ఈ మూడింటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. చలి మధ్యలో కట్టెలు అయిపోతే దొరికేవి పచ్చివే, ధరా ఎక్కువే, అందుకే లెక్క ముందే వేసుకోవాలి. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు, ఒక కాటా, ఒక నోటుబుక్కు, ఒక వారం ఓపిక ఉంటే చాలు.

ముందు కొలత సంగతి. కట్టెలని గుట్టగా చూసి అంచనా వేయకండి, కన్ను మోసపోతుంది. లారీలోంచి గుట్టగా పోసినప్పుడు ఒకటిన్నర ఘన మీటర్లు కనిపించిన కట్టెలు చక్కగా పేరిస్తే దాదాపు ఒక ఘన మీటరులోకి వచ్చేస్తాయి, ఆ పేర్చిన ఘన మీటరులో కూడా మూడో వంతు దాకా గాలే ఉంటుంది. అమెరికా, కెనడాల్లో కట్టెల్ని కార్డ్ లెక్కన అమ్ముతారు: 8 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల లోతు, అంటే పేర్చిన 128 ఘనపుటడుగులు, మీటర్లలో చెప్పాలంటే 3.6 ఘన మీటర్లు. అక్కడే ఫేస్ కార్డ్ అని ఇంకోటి ఉంది, ముందు నుంచి చూస్తే అదే 8 బై 4, కానీ లోతు ఒక్క కట్టె పొడవే, కట్టె 16 అంగుళాలదైతే అది అసలు కార్డులో మూడో వంతు మాత్రమే. కాబట్టి ఎక్కడ కొన్నా "పేర్చినవా, పోసినవా, కట్టె పొడవెంత" అని అడగనిదే ధర మాట్లాడకండి.

బరువు లెక్కన కొనడం గురించి ఒక మాట: కట్టెలు పచ్చిగా ఉంటే మీరు డబ్బిచ్చి నీళ్లు కొంటున్నట్టే. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీళ్లే ఉంటాయి. ఆరితే బరువు బాగా పడిపోతుంది గానీ సైజు పెద్దగా తగ్గదు. అందుకని కొనేటప్పుడు పేర్చిన కొలతతో కొనండి, కాల్చేటప్పుడు బరువుతో లెక్కపెట్టుకోండి.

బరువే ఎందుకంటే, బాగా ఎండిన కట్టె ఏ చెట్టుదైనా కిలోకి ఇచ్చే వేడి దాదాపు ఒకటే, సుమారు 4 యూనిట్లు. (యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిటే, ఒక కిలోవాట్ గంట.) ఓక్, బీచ్ లాంటి గట్టి చెక్క మంచిది, పైన్ లాంటి తేలిక చెక్క దండగ అనేవాళ్లు ఘన మీటరు లెక్కన మాట్లాడుతున్నారు. పేర్చిన ఒక ఘన మీటరు గట్టి కట్టె ఎండాక 450 నుంచి 500 కిలోలు తూగుతుంది, తేలిక కట్టె 300 కిలోల పైచిలుకు. తేలిక కట్టెకి చోటు ఎక్కువ కావాలి, పొయ్యిలో మాటిమాటికీ వేయాలి, అంతే తేడా. ఎండినది దొరికితే తేలిక కట్టెని తక్కువ చేసి చూడకండి, త్వరగా అంటుకుంటుంది, పేర్చాక త్వరగా ఎండుతుంది కూడా.

ఇక అసలు పని. ఇప్పటికే కట్టెల పొయ్యి ఉన్నవాళ్లు చలి బాగా ఉన్న ఒక వారం ఎంచుకోండి. సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా ఒకటి తెచ్చుకుని, కట్టెలు లోపలికి తెచ్చే సంచినో బుట్టనో ప్రతిసారీ దానికి తగిలించి తూచండి, సంచి బరువు తీసేసి రాసుకోండి. పక్కనే ఆ రోజు బయట సగటు ఉష్ణోగ్రత కూడా రాయండి, వాతావరణం యాప్‌లో పగటిదీ రాత్రిదీ చూసి మధ్యస్థంగా వేసుకున్నా సరిపోతుంది. ఇల్లు 20 డిగ్రీల దగ్గర ఉంచుతున్నారనుకుందాం. అయినా బయటి సగటుని 20లోంచి కాకుండా 18లోంచి తీసివేయండి. ఇంట్లో మనుషుల ఒంటి వేడి, వంట, ఫ్రిజ్, కిటికీలోంచి పడే ఎండ కలిసి ఆ పైన రెండు డిగ్రీలు దాదాపు ఊరికే ఇచ్చేస్తాయి.

ఉదాహరణకి బయట సగటున 0 డిగ్రీలున్న వారంలో రోజుకి 40 కిలోలు కాల్చారనుకోండి. 40ని 18తో భాగిస్తే 2.2 వస్తుంది. అంటే బయట ఒక్కో డిగ్రీ చల్లబడినకొద్దీ మీ ఇల్లు రోజుకి రెండు కిలోల పైచిలుకు కట్టె అడుగుతోంది. ఈ ఒక్క అంకె దొరికితే మీ ఇంటి గుట్టు దొరికినట్టే, మళ్లీ ఇంటికి మరమ్మతులు చేయించేదాకా ఇది పెద్దగా మారదు. ఇప్పుడు మీ దగ్గర చలికాలం ఎన్ని రోజులు, ఆ రోజుల సగటు ఎంత అని చూసుకోండి. 150 రోజులు, సగటు 5 డిగ్రీలు అనుకుంటే 18 నుంచి 5 తీసేస్తే 13, దాన్ని 150తో గుణిస్తే 1,950, దాన్ని 2.2తో గుణిస్తే దాదాపు 4,300 కిలోలు. గట్టి కట్టె అయితే పేర్చిన 9 ఘన మీటర్లు, తేలికదైతే 13 నుంచి 14. కంటికి కనిపించేలా చెప్పాలంటే 6 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు ఎత్తు, 33 సెంటీమీటర్ల కట్టెలతో పేర్చిన వరుస ఒక్కోటి 3 ఘన మీటర్లు, గట్టి కట్టెతో అలాంటివి మూడు. దానిమీద ఒక 20 శాతం అదనంగా పెట్టుకోండి, ఎందుకంటే అన్ని చలికాలాలూ ఒకేలా ఉండవు, మిగిలినా కట్టె ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాదికి ఇంకా బాగా ఎండుతుంది.

ఇంకా పొయ్యి పెట్టుకోనివాళ్లు, ఇప్పుడు కరెంటుతోనో గ్యాస్‌తోనో ఇల్లు వేడి చేసుకుంటున్నవాళ్లు, పోయిన చలికాలం బిల్లులు బయటికి తీయండి. నాలుగు వైపులా మూసి ఉన్న మంచి ఇనుప పొయ్యి కట్టెలో ఉన్న వేడిలో 75 శాతం దాకా గదికిస్తుంది, అంటే కిలోకి 3 యూనిట్లు చేతికొస్తాయి. మామూలు కరెంటు హీటరు వాడుతుంటే ప్రతి 3 యూనిట్లకీ ఒక కిలో కట్టె. గ్యాస్ ఘన మీటరుకైనా, హీటింగ్ ఆయిల్ లీటరుకైనా, బాయిలర్లో పోయేది పోగా, అటూఇటుగా 3 కిలోలు. హీట్ పంప్ (బయటి గాలిలోంచో నేలలోంచో వేడిని లాగి ఇంట్లోకి తెచ్చే కరెంటు యంత్రం) ఉంటే మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది, అది ఒక్క యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల దాకా వేడి ఇవ్వగలదు, కాబట్టి కట్టెలు మోయడం, చీల్చడం, బూడిద ఎత్తడం అన్నీ కలిపి చూసుకుని అసలు మారడం అవసరమా అని ఆలోచించండి. బిల్లులో స్నానానికీ వంటకీ పోయింది కూడా కలిసి ఉంటుంది, ఎండాకాలం నెలల బిల్లు చూసి ఆ మేరకు తీసేయండి.

బిల్లులూ లేవు, కొత్త ఇల్లు అంటారా, అప్పుడు ముతక అంచనాయే దిక్కు. బాగా చలి ఉండే చోట్ల సరైన ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా గోడలకీ పైకప్పుకీ వేసే పొర) లేని పాత ఇల్లు చదరపు మీటరుకి ఏడాదికి 150 నుంచి 250 యూనిట్ల వేడి మింగేస్తుంది, ఇప్పటి పద్ధతిలో గట్టిగా కట్టినది 50కి అటూఇటూ, పాసివ్ హౌస్ అనే, వేడి దాదాపు బయటికి పోనివ్వని ప్రమాణంతో కట్టినదైతే 15. అదే 100 చదరపు మీటర్ల ఇంటికి ఏడాదికి 5,000 కిలోల పైన పట్టొచ్చు, 500 కిలోలతో గడిచిపోనూవచ్చు. అందుకే పక్కింటివాళ్ల మాట నమ్మొద్దన్నది.

పొయ్యి తేడా అయితే ఇంకా ఘోరం. గోడలో తెరిచి ఉండే నిప్పుగూడు చూడ్డానికి బాగుంటుంది, కానీ అది ఇచ్చే వేడి 10, 15 శాతం మించదు, పైగా గదిలో వెచ్చబడిన గాలినే లాగేసి పొగగొట్టంలోంచి బయటికి పంపిస్తుంది, ఆ ఖాళీలోకి సందుల్లోంచి చల్లగాలి వస్తుంది. పై ఉదాహరణలోని 4,300 కిలోల పని దాంతో చేయించాలంటే 30 టన్నుల దాకా కట్టెలు కావాలి, అంటే అయ్యే పని కాదు. నా మాట వింటే, కట్టెల మీద పెట్టే డబ్బుని ముందుగా, తలుపున్న మంచి పొయ్యి మీద పెట్టండి.

ఇప్పుడు తేమ దగ్గరికి వద్దాం, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సగం నీళ్లున్న పచ్చి కట్టె 10 కిలోలు పొయ్యిలో వేస్తే అందులో 5 కిలోల నీళ్లని మరిగించి ఆవిరి చేశాకే మిగతా వేడి మీకొస్తుంది. కిలోకి 4 యూనిట్లు రావాల్సింది రెండు పైచిలుకే వస్తుంది. అంతటితో అయిపోదు, ఆవిరి వల్ల మంట చల్లబడుతుంది, చెక్కలోంచి వచ్చే వాయువులు కాలకుండానే పొగగా పైకి పోతాయి, గొట్టం లోపల తారులాంటి జిగట మసిగా పేరుకుంటాయి. దీన్నే క్రియోసోట్ అంటారు. ఒక రోజు మంట ఎక్కువైతే అదే అంటుకుని పొగగొట్టం తగలబడుతుంది. కట్టె కొసల్లోంచి నురగ కక్కుతూ చుయ్యిమంటోందంటే అది కాల్చదగ్గ కట్టె కాదు, తీసుకెళ్లి మళ్లీ పేర్చండి.

తేమ మీటరు చవకే, కానీ సరిగ్గా వాడాలి. వరుస మధ్యలోంచి ఒక కట్టె లాగండి, గొడ్డలితో నిలువునా ఇంకోసారి చీల్చండి, కొత్తగా తెరుచుకున్న ఆ ముఖం నడిమధ్యలో మీటరుకున్న రెండు సూదుల్నీ నార పోయే దిశలో గుచ్చండి. పై తోలు మీదో కొస మీదో గుచ్చితే బాగా ఎండినట్టే చూపిస్తుంది, లోపల మాత్రం పచ్చిగానే ఉంటుంది. ఒక ఐదారు కట్టెలు ఇలా చూడండి. ఈ మీటర్లు చాలావరకు నీటి బరువుని పూర్తిగా ఎండిన చెక్క బరువుతో పోల్చి చూపిస్తాయి, అందుకని మీటర్లో 25 అంటే మొత్తం బరువులో నీళ్లు 20 శాతం. 20 లోపుంటే బెంగ లేదు, 25 దాటితే ఇంకా ఆరాలి. మీటరు లేకపోతే రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టండి, ఎండినవి టంగుమని మోగుతాయి, పచ్చివి దబ్బుమంటాయి. కొసల్లో పగుళ్లు, వదులైపోయిన బెరడు కూడా చూడొచ్చు గానీ వాటినే నమ్ముకోకండి.

ఆరబెట్టడానికి అడ్డదారి లేదు. దుంగలుగా ఉంచితే ఏళ్లు పడుతుంది, చేతి మణికట్టుకి రెండింతలు మందం ఉండేలా చీల్చి, నేలకి తగలకుండా కింద రెండు వాసాలో పాత ప్యాలెట్లో వేసి, గాలి ఆడేలా పేర్చండి. పైన మాత్రమే కప్పండి, పక్కలు తెరిచి ఉంచండి. చుట్టూ టార్పాలిన్ చుట్టేసి జాగ్రత్త చేశాం అనుకుంటారు చాలామంది, నీళ్లు లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. తేలిక కట్టెకి మంచి ఎండాకాలం ఒకటి సరిపోవచ్చు, ఓక్ లాంటిదానికి రెండేళ్లు ఇవ్వండి. అంటే ఈ చలికి కాల్చేవి పోయిన ఏడాదో అంతకుముందో పేర్చినవై ఉండాలి.

కట్టెలు తగ్గించుకోవాలంటే ముందు ఇల్లు చూడండి. అటక మీద ఇన్సులేషన్, తలుపుల కింద సందులు, కిటికీ అంచులు, వాడని గదుల తలుపులు మూయడం. పై ఉదాహరణలో ఇల్లు ఒక్క డిగ్రీ తక్కువ ఉంచితే 13లో ఒక వంతు, అంటే 300 కిలోలకు పైగా మిగులుతాయి. రాత్రంతా నిలవాలని గాలి పూర్తిగా బిగించి నివురుగప్పిన మంట పెట్టడం మాత్రం వద్దు, పొగా మసీ కార్బన్ మోనాక్సైడూ ఎక్కువ వచ్చేది అప్పుడే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది, కాబట్టి దాన్ని పసిగట్టే అలారం లేకుండా కట్టెల పొయ్యి వాడకండి. రంగు వేసిన చెక్క, మందు పట్టించిన కలప కాల్చకండి. పొగగొట్టం ఏడాదికోసారి తప్పనిసరిగా శుభ్రం చేయించండి. బూడిదలో నిప్పు రోజుల తరబడి ఉంటుంది, మూతున్న ఇనుప డబ్బాలో వేసి ఇంటికి దూరంగా పెట్టండి.

చలికాలం సగం గడిచిన రోజున వరుసల ముందు నిలబడి టేపు పెట్టి కొలవండి. సగానికి తక్కువ మిగిలిందంటే వెంటనే ఎండు కట్టె వెతకండి, దొరక్కపోతే కట్టె పొట్టుతో చేసిన బ్రికెట్లు కొనండి, వాటిలో తేమ చాలా తక్కువ. చలి పోయాక మిగిలినవి కొలిచి మొత్తం ఎంత కాలిందో నోటుబుక్కులో రాసుకోండి, పాతవి ముందు వరుసలోకి తెచ్చి, కొత్తగా చీల్చినవి వెనక పేర్చి, వరుస చివర కట్టె మీద పేర్చిన నెల, సంవత్సరం సుద్దతో కాకుండా పెయింట్‌తో రాయండి, వానకి చెరిగిపోదు. పెయింట్ పూసిన ఆ ఒక్క కట్టెని మాత్రం పొయ్యిలో వేయకుండా కొత్త వరుసకి గుర్తుగా వాడుకోండి.