బాణం ఎటు పోతోంది: ఆర్గానిక్ కెమిస్ట్రీనీ బయోకెమిస్ట్రీనీ కలిపి చదవడం

డిగ్రీ ఆర్గానిక్ కెమిస్ట్రీలో మార్కులు పోయేది చాలాసార్లు గుర్తులేక కాదు. రియాక్షన్ పేరు గుర్తుంటుంది, రియేజెంట్ గుర్తుంటుంది. పరీక్షలో అణువు కాస్త వేషం మార్చుకుని వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. తర్వాతి సంవత్సరం బయోకెమిస్ట్రీ మొదలైతే అదేదో కొత్త సబ్జెక్టన్నట్టు మళ్లీ మొదటినుంచి బట్టీ పట్టడం. కణంలో జరిగేవీ అవే ఆల్డాల్, క్లైసెన్, ఎసైల్ ప్రతిక్షేపణ చర్యలు. అందుకే రెండింటినీ ఒకే నోటుబుక్కులో చదవాలి.

మొదట పది పీకేఏ విలువలు (ఆమ్లం ఎంత బలమైనదో చెప్పే సంఖ్య, తక్కువైతే బలం ఎక్కువ) నోటికి రావాలి. బట్టీ పట్టాల్సింది ఏదైనా ఉంటే ఇదే. సుమారు విలువలు చాలు: కార్బాక్సిలిక్ ఆమ్లం 5, అమ్మోనియం అయాన్ 9, ఫినాల్ 10, థయాల్ 10.5, నీరు 15.7, ఆల్కహాల్ 16, కీటోన్ ఆల్ఫా హైడ్రోజన్ 20, ఎస్టర్ ఆల్ఫా హైడ్రోజన్ 25, చివరి ఆల్కైన్ 25, అమ్మోనియా 38. రెండు ఆమ్లాల మధ్య తేడా ఒక యూనిట్ అంటే పది రెట్లు. కీటోన్‌కి సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే 20కీ 15.7కీ తేడా 4.3 కాబట్టి సమతాస్థితి బాగా ఎడమవైపే ఉంటుంది, ఈనోలేట్ (ఆల్ఫా, అంటే కార్బొనిల్ పక్క కార్బన్ మీది ప్రోటాన్ పోగా మిగిలే అయాన్) చాలా కొద్దిగా పుడుతుంది. ఆ కొద్దీ ఖర్చవుతూ ఉంటే మళ్లీ పుడుతూ ఉంటుంది కనుకే ఆల్డాల్ చర్య నడుస్తుంది. కీటోన్ మొత్తాన్నీ ఒకేసారి ఈనోలేట్‌గా మార్చాలంటే ఎల్‌డీఏ లాంటి బలమైన క్షారం కావాలి.

ఈ సంఖ్యలే ప్రాక్టికల్స్‌లోనూ పనికొస్తాయి. బెంజోయిక్ ఆమ్లం పీకేఏ 4.2, కార్బోనిక్ ఆమ్లానిది 6.4, ఫినాల్‌ది 10. ఈథర్‌లో కరిగిన మిశ్రమానికి సోడియం బైకార్బొనేట్ ద్రావణం కలిపితే బెంజోయిక్ ఆమ్లం లవణంగా మారి నీటి పొరలోకి దిగుతుంది, ఫినాల్ ఈథర్‌లోనే ఉండిపోతుంది. దాన్ని దించాలంటే సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. బైకార్బొనేట్‌తో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కాబట్టి మూత వెంటనే బిగించకండి. పొంగు తగ్గాక సెపరేటింగ్ ఫనెల్‌ని మెల్లగా ఊపి, తలకిందులుగా పట్టుకుని, మాటిమాటికీ స్టాప్‌కాక్ తెరిచి గ్యాస్ వదలండి. నీటి పొరను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 దాకా దించితే బెంజోయిక్ ఆమ్లం తెల్లగా విడిపోతుంది. 4 దగ్గరే ఆపేస్తే దిగుబడి తగ్గుతుంది, ఎందుకంటే పీహెచ్ 4.2 దగ్గర కరిగి ఉన్నదాంట్లో సగం ఇంకా లవణంగానే ఉంటుంది.

తర్వాత బాణాలు, అంటే చర్యలో ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో చూపే వంపు గీతలు. బాణం ఎలక్ట్రాన్లు ఉన్నచోట, అంటే ఒంటరి జంట దగ్గరో బంధం దగ్గరో మొదలై, అవి చేరే చోట ముగుస్తుంది. ప్రోటాన్ దగ్గర బాణం మొదలుపెడితే అక్కడితో ఆ జవాబు తప్పే, ఎందుకంటే దాని దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్లే లేవు. ప్రతి మెట్టు రాశాక రెండు తనిఖీలు చేయండి: ఏ కార్బన్‌కైనా ఐదు బంధాలు వచ్చాయా, బాణానికి ఇటూ అటూ మొత్తం ఆవేశం సమానంగా ఉందా. మూడోది మాధ్యమం. ఆమ్లంలో జరిగే చర్యలో హైడ్రాక్సైడ్ గానీ ఆల్కాక్సైడ్ గానీ కనిపించకూడదు. క్షారంలో జరిగే చర్యలో హైడ్రోనియం కనిపించకూడదు. సాధనకు ఫిషర్ ఎస్టరీకరణ సరిపోతుంది: కార్బొనిల్‌కి ప్రోటాన్ చేరడం, ఆల్కహాల్ దాడి, ప్రోటాన్ పోవడం, ఓహెచ్‌కి ప్రోటాన్ చేరడం, నీరు వెళ్లిపోవడం, చివరి ప్రోటాన్ పోవడం. మొత్తం ఆరు మెట్లు. పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాయండి, ఆగిపోయిన మెట్టు దగ్గర ఎర్రపెన్నుతో గుర్తు పెట్టండి, మర్నాడు మళ్లీ మొదటినుంచి రాయండి. చూసి రాసింది లెక్కలోకి రాదు. కళ్లకు అంతా తెలిసినట్టే ఉంటుంది, తెలియనిది చేతికే.

ఎస్ఎన్2 (ఒక గుంపు పోతుండగా దాని స్థానంలో ఇంకోటి చేరడం), ఈ2 (గుంపూ పక్క కార్బన్ మీది హైడ్రోజనూ పోయి జంటబంధం రావడం) తగాదా అందరినీ తిప్పలు పెడుతుంది. ముందు కార్బన్ చూడండి. ప్రైమరీ అయితే సాధారణంగా ఎస్ఎన్2 (పొటాషియం టెర్ట్-బ్యుటాక్సైడ్ లాంటి బండ క్షారం అయితే తప్ప). టెర్షియరీ అయితే ఎస్ఎన్2 ప్రశ్నే లేదు. సెకండరీ దగ్గర మళ్లీ పీకేఏ ఆదుకుంటుంది: దాడి చేసే అయాన్ తాలూకు ఆమ్లం పీకేఏ 11 లోపు ఉంటే (సయనైడ్, అజైడ్, థయోలేట్, ఎసిటేట్) ఎస్ఎన్2 వైపు, దాటితే (హైడ్రాక్సైడ్, ఎథాక్సైడ్) ఈ2 వైపు మొగ్గుతుంది. ఇది గీత గీసిన నియమం కాదు కానీ పరీక్షలో ఎక్కువ ప్రశ్నలకు సరిపోతుంది.

స్టీరియోకెమిస్ట్రీకి మోడల్ కిట్ వాడండి, లేదంటే బంకమట్టి, పుల్లలు చాలు. ఒక్క హెచ్చరిక: ఎల్ అన్నా ఎస్ అన్నా ఒకటే అనుకోవద్దు. ఎల్, డీ గ్లిసరాల్డిహైడ్ ఆకారంతో పోల్చి పెట్టిన పేర్లు, ఆర్, ఎస్ గుంపుల ప్రాధాన్య క్రమాన్ని బట్టి పెట్టినవి. ప్రోటీన్లలోని ఎల్-అమైనో ఆమ్లాలు దాదాపు అన్నీ ఎస్, కానీ ఎల్-సిస్టీన్ ఆర్. దాని ఆకారం మారలేదు. పక్క గొలుసులోని సల్ఫర్ వల్ల ఆ గుంపు ప్రాధాన్యంలో కార్బాక్సిల్‌ని దాటేసింది, అంతే.

ఇక గ్లైకాలసిస్, అంటే కణం గ్లూకోజ్‌ని ముక్కలు చేసే దారి. పది మెట్ల పేర్లు వల్లించే బదులు ప్రతి మెట్టు పక్కనా అది ఏ ఆర్గానిక్ చర్యో రాయండి. నాలుగో మెట్టులో ఆల్డొలేజ్ చేసేది తిరగేసిన ఆల్డాల్: కార్బొనిల్‌కి ఆల్ఫా, బీటా కార్బన్ల మధ్య బంధం తెగుతుంది. ఇది అర్థమైతే రెండో మెట్టు ఎందుకుందో దానంతటదే తెలుస్తుంది. గ్లూకోజ్‌లో కార్బొనిల్ 1వ కార్బన్ మీద ఉంటుంది, అలాగే కోస్తే 2, 3 కార్బన్ల మధ్య తెగి రెండు కార్బన్ల ముక్క ఒకటి, నాలుగు కార్బన్ల ముక్క ఒకటి వస్తాయి. ఫ్రక్టోజ్‌గా మారితే కార్బొనిల్ 2వ కార్బన్ మీదికి జరుగుతుంది, కోత 3, 4 మధ్య పడుతుంది, మూడేసి కార్బన్ల ముక్కలు రెండు వస్తాయి. ఆ జరుపుడు కూడా ఈనోల్ రసాయనమే, మధ్యలో వచ్చేది ఈన్‌డయోల్. కండరాల్లోని ఆల్డొలేజ్ తన లైసిన్‌తో కీటోన్‌ని ఇమినియంగా మార్చుకుంటుంది. ధనావేశమున్న నైట్రోజన్ ఎలక్ట్రాన్లను కార్బొనిల్ కన్నా సులువుగా లాక్కుంటుంది.

ఇదే పద్ధతిలో మిగతావీ జత చేయండి. ఎన్ఏడీహెచ్ (కణంలోని ఒక కోఎంజైమ్) పని సోడియం బోరోహైడ్రైడ్ పని లాంటిదే, హైడ్రైడ్‌ని ఇవ్వడం. ప్రోటీన్లను కోసే ఎంజైమ్ కైమోట్రిప్సిన్ చేసేది ఎసైల్ ప్రతిక్షేపణ: సెరిన్ 195 న్యూక్లియోఫైల్, హిస్టిడిన్ 57 దాని ప్రోటాన్‌ని లాగే క్షారం, ఆస్పార్టేట్ 102 హిస్టిడిన్‌కి ఆసరా. హిస్టిడిన్ పక్క గొలుసు పీకేఏ సుమారు 6 కాబట్టి శరీరపు పీహెచ్ దగ్గర అది ప్రోటాన్‌ని తీసుకోగలదు, ఇవ్వగలదు. ఎంజైముల్లో మాటిమాటికీ అదే కనిపించడానికి కారణం ఇదే.

ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (అణువు మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) లెక్కల్లో మూడు పీకేఏలూ కలిపి మూడుతో భాగించేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. తక్కువ పీహెచ్ నుంచి మొదలుపెట్టి ఒక్కో ప్రోటాన్ పోయేకొద్దీ ఆవేశం రాసుకుంటూ రండి. లైసిన్‌కి పీకేఏలు 2.18, 8.95, 10.53, ఆవేశాలు +2, +1, 0, −1. సున్నాకి ఇటూ అటూ ఉన్నవి 8.95, 10.53, వాటి సగటు 9.74. ఆస్పార్టిక్ ఆమ్లానికి 1.88, 3.65, 9.60, అక్కడ ఆవేశాలు +1, 0, −1, −2 కాబట్టి మొదటి రెండింటి సగటు, 2.77.

కొవ్వు ఆమ్లాల గొలుసు నుంచి రెండేసి కార్బన్లు కోసే బీటా ఆక్సిడేషన్‌లో ప్రతి చుట్టు చివరా థయొలేజ్ చేసేది తిరగేసిన క్లైసెన్. 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లానికి ఎన్ని చుట్లని అడిగితే చాలామంది 8 అంటారు. ఎసిటైల్ కోఎలు (రెండు కార్బన్ల ముక్కలు) 8, చుట్లు మాత్రం 7, ఎందుకంటే చివరి కోతలో నాలుగు కార్బన్ల ముక్క తెగి రెండు ఎసిటైల్ కోఎలు ఒకేసారి వస్తాయి. నమ్మకం కుదరకపోతే జిగ్‌జాగ్ గీత గీసి కోతలు లెక్కపెట్టండి.